లమోమ్ పిన్ని మొక్కు

బ్యాంకాక్ దగ్గర మహాఛాయ్ చేపల రేవులో లమోమ్ పిన్ని బండి దగ్గర రొయ్యలు, పీతలు, చేపముక్కలు వేసిన నూడుల్స్ పులుసు తినాలంటే తిట్లు కూడా తినాలి. ఆ కారానికి కళ్లల్లో నీళ్లు కారుతుంటే, "ఎవరు పోయార్రా, అలా ఏడుస్తున్నావ్?" అనేది. పడవ ఇంజన్లు బాగుచేసే నన్ను మసిగుడ్డా అని పిలిచేది.

అలాంటి మనిషి ఒక పొద్దున గిన్నె నా ముందు పెట్టి, నేను ఒక ముక్క నోట్లో వేసుకోగానే, "కారం సరిపోయిందా నాన్నా?" అంది.

నేను నమలడం ఆపేశాను. పక్కనున్న నా స్నేహితుడు విచియన్‌నీ అలాగే పలకరించేసరికి వాడి మొహం పాలిపోయింది. వాడికి మొన్ననే రక్తపరీక్ష చేశారు. "డాక్టరు నా గురించి పిన్నికేమైనా చెప్పాడంటావా?" అని నా చెవిలో గొణిగాడు.

అసలు సంగతి పిన్ని మొగుడు సోమ్‌జిత్ చెప్పాడు. కోడలికి నెలలు నిండాయట. కాన్పు క్షేమంగా జరిగేదాకా నోట చెడ్డమాట రానివ్వనని పిన్ని గుళ్లో మొక్కుకుందట. "ఇంట్లోనూ ఇదే వరస. నన్ను 'ఏవండీ' అంటోంది. భయంతో నిద్ర పట్టడం లేదు," అన్నాడు.

మాకూ పులుసు సయించలేదు. అదే రొయ్య, అదే మిరపకాయ, అయినా ఆసుపత్రి గంజిలా ఉంది. విచియన్ కావాలని గిన్నె ఒలకబోశాడు. "పర్లేదులే బాబూ," అంటూ పిన్ని తుడిచింది. దవడలు మాత్రం బిగిసే ఉన్నాయి.

రెండు రోజుల తర్వాత బ్యాంకాక్ నుంచి ఒకడు కారులో దిగాడు. కారం వద్దన్నాడు. పులుపు తగ్గించమన్నాడు. రొయ్యల తలలు తీసేసి, నీచువాసన రాకుండా చూడమన్నాడు.

"అలాగే నాన్నా," అంది పిన్ని. గరిటని కుండ అంచుకేసి టంగుమని కొట్టింది.

అప్పుడే సోమ్‌జిత్ ఫోను మోగింది. "ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు," అన్నాడు పిన్నితో.

పిన్ని కళ్లు తుడుచుకుని, గుడి దిక్కుకి దండం పెట్టుకుంది. తర్వాత నింపాదిగా కారువాడి వైపు తిరిగింది.

"ఒరే సున్నం మొహమోడా, నీచు గిట్టనివాడివి చేపల రేవుకెందుకొచ్చావ్, కాళ్లు కడుక్కోడానికా? పెట్టింది తిని నోరుమూసుకో."

వాడు బిక్కచచ్చిపోయి తిన్నాడు. ముక్కు ఎగబీలుస్తూ రెండో గిన్నె అడిగితే ఇంకో విడత తిట్లు పడ్డాయి. విచియన్‌కి కుళ్లు పుట్టింది.

"పిన్నీ, మొన్న గిన్నె కావాలనే ఒలకబోశాను."

"తెలుసురా దరిద్రుడా. నీ చేతులు కూడా దాంతోపాటే ఊడిపడాల్సింది."

వాడు హాయిగా నవ్వాడు. పిన్ని గరిట వాడి చేతిలో పెట్టి, మనవరాలిని చూడ్డానికి మొగుడి స్కూటరెక్కి వెళ్లిపోయింది. ఆ పూట విచియనే వండాడు. పీతలు సరిగ్గా కడగనైనా లేదు. ఒక ముసలాయన రెండు చెంచాలు తాగి, గిన్నె పక్కకు నెట్టి, పిన్ని ఎప్పుడొస్తుందని అడిగి అక్కడే కూర్చున్నాడు.