శుక్రవారం బయటికివ్వని తాళం

నేను ఒక కారు తాళంచెవిని. అందులోనూ రెండోదాన్ని. మొదటిది బండితో పాటు ఊళ్ళు తిరుగుతుంది. రెండోది అప్పిచ్చినవాడి పెట్టెలో పడి ఉంటుంది. అప్పు చేసి బండి కొన్నవాళ్ళకి ఈ సంగతి తెలుసు. తెలియనివాళ్ళు అదృష్టవంతులు.

మేమిద్దరం ఒకే యంత్రం కింద, ఒకే రకం గాట్లతో పుట్టాం. ఒకే తీగకు గుచ్చి మమ్మల్ని తణుకు షోరూముకు పంపారు. అక్కడ ఒక తెల్ల కారు ముందు కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, అందరూ ఫోటో దిగుతున్నారు. ఆ సందట్లో ఎవరో తీగ తెంపారు. మా అక్క డ్రైవరు గంగరాజు గుప్పిట్లోకి వెళ్ళింది. నేను శ్రీ ధనసిరి మోటార్ ఫైనాన్స్ యజమాని భాస్కరం చొక్కా జేబులోకి వెళ్ళాను. బండిని నిమురుతూ మురిసిపోతున్న గంగరాజు అది చూడలేదు. అతని భార్య మంగతాయారు చూసింది.

"ఆ రెండోది మాకివ్వరాండి?"

"అప్పు తీరగానే ఇచ్చేస్తామమ్మా. మీరు పారేసుకుంటారని మీకోసమే దాస్తున్నాం."

మనిషి మరొకడి వస్తువును జేబులో వేసుకునేటప్పుడు 'మీకోసమే' అనడం నేను మొదటిసారి విన్నది అప్పుడే. తరవాత చాలాసార్లు విన్నాను.

ధనసిరి ఆఫీసులో ఒక చెక్కపెట్టె ఉంది. దాన్నిండా నాలాంటి తాళాలే. ఒక్కోదాని మెడలో ఒక అట్టముక్క, దాని మీద బండి నంబరు. ఎవరైనా వాయిదాలు తప్పితే భాస్కరం పెట్టె తెరిచి, ఆ నంబరు తాళాన్ని ఏరి, తన మనుషులిద్దరికి ఇస్తాడు. వాళ్ళు ఏ సినిమాహాలు ముందో, ఏ పెళ్ళిపందిరి ముందో ఆపి ఉన్న బండి ఎక్కి, సొంత బండిలా తోలుకొచ్చేస్తారు. భోజనం చేసి చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చినవాడు ఖాళీ రోడ్డును చూస్తూ నిలబడతాడు. మమ్మల్ని చేసింది అందుకేనని భాస్కరం నమ్మకం.

ఆలస్యంగా కట్టేవాడికి అతను జరిమానా వేస్తాడు. అది అందరూ వేసేదే. అప్పు గడువుకి ముందే తీర్చేస్తానన్నా జరిమానా వేస్తాడు. "మధ్యలో వదిలేసి పోతే మాకు రావలసిన వడ్డీ ఏమైపోవాలండి?" అని బాధగా అడుగుతాడు, తను మేపుకుంటున్న గేదెను ఎవరో తోలుకుపోతున్నట్టు. బాకీ తీరుస్తానంటే కళ్ళనీళ్ళు పెట్టుకునే జాతిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఒక సోమవారం మంగతాయారు ఒక్కతే ఆఫీసుకు వచ్చింది. గంగరాజు రోగుల్ని ఎక్కించుకుని విజయవాడ ఆసుపత్రులకు తిప్పుతూ బతుకుతున్నాడు. తనే రోగి అయిన సంగతి మాత్రం దాచాడు. షుగరు అతని కళ్ళను తినేస్తోంది.

"పట్టపగలు మా వీధిలో ఆరబెట్టిన వడియాల మీదుగా బండి పోనిచ్చేశారండి. దుప్పటంత వడియాలు కనబళ్ళేదంట ఆయనకి. రేపు మనిషి కనబడకపోతే ఏంటండి గతి? తోలడం ఆపెయ్యమంటే, వాయిదా నీ బాబు కడతాడా అంటున్నారు. బండి అమ్మేసి మీ అప్పు మొత్తం తీర్చేస్తాం. మిల్లు గుమాస్తాగారు కొంటానన్నారు, సగం డబ్బు చేతిలో పెట్టారు కూడా. మూఢం రాకముందే బండి కావాలంటున్నారండి."

ఆకాశంలో శుక్రుడు కనిపించని ఆ రోజుల్లో మావైపు ఎవరూ బండి కొనరు. ఆ మూఢం వచ్చే శనివారమే మొదలు. ఒకసారి మొదలైతే చాలా రోజులు పోదు. అన్నాళ్ళూ గంగరాజు బండి నడపాలి, లేదా వాయిదా ఎగ్గొట్టాలి. భాస్కరానికి ఇదంతా అర్థమైంది. అతని చెయ్యి తెలియకుండానే మా పెట్టె మూత నిమిరింది.

"ఆడపడుచులాంటి దానివి, నీకు కాదంటానా? లెక్క వేసే ఆయన లేడు. రేపు రామ్మా."

మర్నాడు వెళితే కంప్యూటరు పనిచెయ్యలేదు. ఆ మర్నాడు లెక్క వేసే ఆయన ఉన్నాడు గాని సంతకం పెట్టే భాస్కరం లేడు, పక్క గదిలో ఫ్యాను కింద పడుకున్నాడు. గురువారం ఆమె వెళ్ళేసరికి పాలకొల్లులో పెళ్ళిభోజనానికి వెళ్ళాడన్నారు. సాయంత్రం తిరిగొచ్చి, కిళ్ళీ నములుతూ లెక్క వేసే ఆయనతో నవ్వాడు.

"ఇంక రాదులేవోయ్. రేపు శుక్రవారం. వాయిదా శుక్రవారం పడితే శనివారం జరిమానాతో కట్టే మనిషి ఆవిడ. శుక్రవారం పూట ఇంట్లోంచి రూపాయి తియ్యదు. ఎల్లుండి మూఢం. ఆ పైన బండి మనదే."

పక్కవాడి భక్తిని కూడా వడ్డీకి తిప్పగలిగిన తెలివి అది.

శుక్రవారం ఆఫీసు కిటకిటలాడింది. మూఢానికి ముందు ఆఖరి మంచిరోజు కదా, కొత్త బండ్లకు అప్పు కోసం జనం తోసుకుంటున్నారు. భాస్కరం భార్య దుర్గాంబ ఎప్పట్లాగే వచ్చి, లక్ష్మి పటం ముందు మా పెట్టె పెట్టి, తాళాలన్నిటికీ బొట్లు పెడుతోంది. మెట్లమీద మంగతాయారు కనిపించింది. ఆమె భుజం పట్టుకుని, మెట్టును కాలితో తడుముకుంటూ గంగరాజు. వెనకాల మిల్లు గుమాస్తా.

"ఏమ్మా, శుక్రవారం పూట డబ్బుతో బయల్దేరావ్? లక్ష్మిని గుమ్మం దాటిస్తావా?" అన్నాడు భాస్కరం, నలుగురూ వినేలా.

"పోతే పోనివ్వండి. లక్ష్మి మళ్ళీ వస్తుందేమో. ఈయన బండి కింద పడ్డ మనిషి రాడు కదండి."

గంగరాజు తల దించుకున్నాడు. మాటలాగి జనం ఇటు చూశారు. భాస్కరం మా పెట్టెను రెండు చేతులా పైకెత్తాడు.

"సరేనమ్మా, నీ ఇష్టం. కానీ మా తాళాలు మాకు సాక్షాత్తూ లక్ష్మి. అప్పు తీరితే తాళం ఇవ్వాలి. బొట్టు పెట్టిన తాళం శుక్రవారం బయటికివ్వం. కావాలంటే అందరూ చూడండి. రేపు రా."

"తాళం మీరే ఉంచుకోండి బాబూ. డబ్బు పుచ్చుకుని, బండి మీద మీకు హక్కు లేదని కాగితం రాసివ్వండి చాలు. కాగితానికి బొట్టు పెట్టలేదు కదండి?"

జనంలో ఎవడో గట్టిగా నవ్వాడు.

"రెండో తాళం లేని బండి ఎవడు కొంటాడమ్మా?" అన్నాడు భాస్కరం.

"నేను కొంటానండి. తాళాలు మార్పించుకుంటాను," అన్నాడు మిల్లు గుమాస్తా.

భాస్కరం గొంతు సవరించుకున్నాడు. "అది కాదండి, ఇవాళ..."

"ఏవండోయ్!" కుంకుమ చేత్తోనే లేచింది దుర్గాంబ. "శుక్రవారం పూట గుమ్మంలోకొచ్చిన డబ్బుని రేపు రమ్మంటారేంటండి? మతి పోయిందా? ఆవిడ పోగొట్టుకుంటానంటుంటే మీకు పుచ్చుకోడానికేం నొప్పి? ముందు పుచ్చుకోండి!"

ఆమెకు మంగతాయారు మీద జాలి ఏమీ లేదు. లక్ష్మి మీద ఆశ ఉంది. మంచిపనులు ఎక్కువగా ఇలాగే జరుగుతాయని పెట్టెలో కూర్చుని తెలుసుకున్నాను.

భాస్కరం పుచ్చుకున్నాడు. ముందుగా తీర్చినందుకు జరిమానా కూడా వదలకుండా పుచ్చుకున్నాడు. కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు అతని మొహం పంటి సలుపు వచ్చినవాడిలా ఉంది. గంగరాజు ఎక్కడ సంతకం పెట్టాలో కనబడక చెయ్యి గాలిలో ఆపేస్తే, మంగతాయారు అతని వేలు పట్టుకుని చోటు మీద పెట్టింది.

"ఇంకేమీ కట్టక్కర్లేదాండి?" అని అడిగాడతను.

ఆమే చెప్పింది. "లేదు, పదండి."

వాళ్ళు వెళ్ళారు. నేను ఉండిపోయాను. మిల్లు గుమాస్తా ఆ వారంలోనే తాళాలు మార్పించాడట. ఈ లోకంలో నేను తియ్యగల తలుపు ఇప్పుడు ఒక్కటీ లేదు. ఉన్నప్పుడు మాత్రం ఏం తీశాను? ఇప్పుడు కనీసం నన్ను చూసి ఎవరూ భయపడక్కర్లేదు.

నన్ను పారేద్దామంటే భాస్కరానికి చెయ్యి రాదు. నలుగురి ముందూ లక్ష్మి అన్నాడు కదా. పోనీ వాళ్ళకే అంటగడదామని మొన్న ఫోను చేశాడు, అవతలి గొంతు అందరికీ వినబడేలా స్పీకర్లో పెట్టి.

"నీ తాళం వచ్చి పట్టుకెళ్ళమ్మా."

"ఏ తాళమండి?"

"మీ బండిదే."

"మాకు బండి లేదు కదండి," అంది మంగతాయారు. ఆమె వెనక ఎక్కడో పెసలు విసురుతున్న చప్పుడు. "ఎవరే?" అని గంగరాజు గొంతు.

"ఎవరో ఫైనాన్సోళ్ళంట. మనకి కాదులెండి," అని ఆమె ఫోను పెట్టేసింది.