కొమ్ములోడు ఒప్పుకోలేదు

నేను ఇంటర్ చదివేటప్పుడు నాయన కొనిచ్చిన కంప్యూటర్ అది. ఇప్పుడు నాకు తల నెరిసింది, దాని ఫ్యానుకు ఆయాసం పట్టుకుంది. అందులో ఒకే ఒక్క ఆట ఉంది. తుపాకీ పట్టుకుని గుహల్లో తిరుగుతూ రాక్షసులను కాల్చాలి. ఆఖరి గుహలో పొట్టేలు తలతో ఒకడుంటాడు. ఇన్నేళ్లలో వాడిని ఒక్కసారి కూడా చంపలేకపోయాను. కంప్యూటర్ పోయేలోగా వాడు పోవాలి, నాకున్న కోరిక అదొక్కటే. రాప్తాడులో రిపేర్లు చేసే కుళ్లాయప్ప ఇక తన వల్ల కాదని చేతులెత్తేశాడు. నా భార్య భారతి లెక్కలో నాకు పిచ్చి. ఉండనీ.

ఆ ఆదివారం గుహ తలుపు తెరిచేసరికి కొమ్ములోడు అటు తిరిగి నిలబడ్డాడు. నన్ను చూడలేదు. అంత అదృష్టం ఎన్నడూ ఎరగను. మీట మీద వేలు పెట్టాను. మా అమ్మ లక్ష్మీదేవమ్మ వచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఆగప్పా. వాన్ని అడిగినావా?"

"ఏమడగాల?"

"సుంకులమ్మ జాతరలో పొట్టేలు మీద నీళ్లు చల్లితే, అది ఒళ్లు ఇదిలిచ్చితేనే కదా కత్తి ఎత్తేది? నువ్వు అడగకుండానే కొడ్తాండావు. అందుకే వాడు సావకుండా ఉండాడు."

నవ్వాల్సింది. కానీ ఓడిపోయి ఓడిపోయి ఉన్నానేమో, ఆ మాట నిజమే అనిపించింది.

"సరే, బిరీన చల్లు" అన్నాను.

అమ్మ చెంబుతో పసుపునీళ్లు తెచ్చి వేపమండతో తెర మీద చల్లింది. కొమ్ములోడు కదల్లేదు. మళ్లీ చల్లింది. ఊహూఁ. వంటింట్లోంచి భారతి వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది. ఇక తిట్లే అనుకున్నాను.

"చెవుల మీద చల్లు అత్తా," అంది.

ట్యాంకరు వస్తే తప్ప నీళ్లు లేని ఇంట్లో అమ్మ చెంబంతా ఒంపేసింది. నీళ్లు తెర మీంచి కింద ఉన్న పెట్టెలోకి జారాయి. పెట్టె మొత్తం గడగడా వణికింది.

"ఒప్పుకునింది! కొట్టు!" అని అరిచింది అమ్మ.

నొక్కాను. తుపాకీ పేలలేదు. తెర నల్లబడింది, కాలిన వాసన వచ్చింది. ఫ్యాను ఆగిపోయింది.

నలభై దాటినవాణ్ణి, సిగ్గు విడిచి ఏడ్చాను. అమ్మ కొంగుతో పెట్టెను తుడిచి, దాని మీద చెయ్యి వేసింది.

"వాడు ఒప్పుకోల్యా కేశవా," అంది. "ఈ ముసిల్ది ఒప్పుకునింది."