నేలలో కూరుకుపోయే గుర్రం

నేను ఒక డిస్కును. ఒకవైపు బొమ్మ, ఇంకోవైపు అద్దం, నడుమ వేలు పట్టేంత రంధ్రం. పాటల డిస్కును కాను, సినిమా డిస్కును అంతకన్నా కాను. నాలో ఒక ఎడారి ఉంది. ఆ ఎడారిలో ఊళ్ళు, బావులు, దొంగలు, ఒక నల్ల గుర్రం. ఆడేవాళ్ళు ఎటు కావాలంటే అటు పోవచ్చు, ఏ తలుపైనా తట్టవచ్చు, అడ్డుపడేవాళ్ళు ఉండరు. అలాంటి ఆటను ఓపెన్ వరల్డ్ అంటారట. పెట్టె మీద నా పేరు బంగారు రంగు ఇంగ్లీషు అక్షరాలతో మెరుస్తూ ఉంటుంది గానీ, కాకినాడలో నన్ను ఆ పేరుతో ఒక్కరూ పిలవలేదు. వాళ్ళకి నేను 'గుర్రం గేమ్'ని.

ముందే చెబుతున్నాను, నేను ఎవరినీ తొందరగా నమ్మను. శ్రద్ధగా చదువుతున్నారు కదా అని మిమ్మల్నీ నమ్మను. నా పుట్టుకే అలాంటిది. వేడి ప్లాస్టిక్కును అచ్చులో నొక్కి, మీద వెండి పూత పూసి నన్ను తయారుచేసే రోజుకి నా ఆట ఇంకా పూర్తి కాలేదు. ఆ సంగతి దాన్ని తయారుచేసినవాళ్ళకి బాగా తెలుసు. కానీ విడుదల తేదీ ఎప్పుడో ప్రకటించేశారు. ముందు జనం చేతిలో పెట్టేద్దాం, తప్పులుంటే తర్వాత ఇంటర్నెట్ ద్వారా దిద్దుదాం అనుకున్నారు. ఇదంతా నీకెలా తెలుసంటారా? నాలో ఏముందో నాకు తెలియదా! కన్నవాళ్ళే తెలిసి తెలిసి ఇలా చేశాక, ఇక పరాయివాళ్ళ సంగతి చెప్పాలా?

నన్ను కొన్నవాడు నూకరాజు. ఏదో ట్రైనింగ్ కోసం హైదరాబాద్ వెళ్ళి, తిరిగి వస్తూ వాళ్ళ బావకి కానుకగా కొన్నాడు. రైలెక్కి కూర్చున్నాడో లేదో, పెట్టె చుట్టూ ఉన్న పల్చటి కవరు చింపేశాడు. వీడెవడో సొంత సొమ్ములా విప్పేస్తున్నాడే, నన్ను మార్చేసి ఖాళీ డబ్బా ఇస్తాడు కాబోలు అని నా గుండె గుబేలుమంది. అతను నన్ను ముట్టుకోను కూడా లేదు. నాతో పాటు పెట్టెలో మడతపెట్టి ఉన్న ఎడారి పటం తీసి, ఒళ్ళో పరుచుకుని, సామర్లకోట వచ్చేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాడు. మా ఆటలో ఒక విశేషం ఉంది. తెర మీద దారి చూపించరు. ఆ కాగితం పటం పక్కన పెట్టుకుని వెతుక్కోవాల్సిందే. అతను బావ కన్నా ముందే దారులన్నీ కంఠతా పట్టేద్దామని ముచ్చటపడ్డాడు, అంతే. నేను అనుమానించినందుకు కొంచెం సిగ్గుపడ్డాను. ఎక్కువేం కాదు.

ఇక ఆ బావ. పేరు దొరబాబు. పెళ్ళిళ్ళకి, సభలకి మైకులు, లైట్లు అద్దెకిచ్చే షాపు నడుపుతాడు. అనుమానంలో నాకు గురువు కాదగ్గ మనిషి. అద్దెకి వెళ్ళిన మైకు తిరిగి రాగానే ముందు దాన్ని ఊదుతాడు, తర్వాత తడతాడు, ఆ తర్వాత తెచ్చినవాడి మొహం చూస్తాడు. నన్ను చేతికి ఇవ్వగానే అదే పని చేశాడు. పెట్టె అటూ ఇటూ తిప్పాడు.

"సీలు లేదేంట్రా?"

"నేనే విప్పేను బావా, పటం చూద్దారని" అన్నాడు నూకరాజు.

"ఊఁ" అన్నాడు దొరబాబు. ఆ 'ఊఁ' నాకు నచ్చలేదు. ఇలాంటి 'ఊఁ'లు అక్కడితో పోవు, లోపల ఎక్కడో కూర్చుంటాయి.

అయినా మొదట్లో రోజులు బాగానే గడిచాయి. షాపు కట్టేశాక సాయంత్రాలు ముగ్గురూ టీవీ ముందు చేరేవాళ్ళు. దొరబాబు గుర్రం తోలేవాడు. అతని భార్య లోవకుమారి, అంటే నూకరాజు అక్క, పటం నేల మీద పరుచుకుని దారి చెప్పేది. నూకరాజు దివాన్ మీద పడుకుని, ఎవరూ అడగని సలహాలు ఇచ్చేవాడు. ఆమె పకోడీలు వేస్తే జిడ్డు చేతులతో నన్ను పట్టుకుంటారేమోనని నేను బిక్కుబిక్కుమంటూ ఉండేదాన్ని.

కానీ ఆట ఆటలా ఉంటేగా! గుర్రం ఎక్కగానే దాని నాలుగు కాళ్ళూ నేలలోకి దిగిపోయేవి. మెడ ఒక్కటే ఇసుక మీద జారుకుంటూ పోయేది. బావి దగ్గర నిలబడ్డ ముసలమ్మకి కళ్ళూ పళ్ళూ తప్ప మొహం లేదు. ఒక కొండ గాలిలో వేలాడుతూ ఉండేది. నాకు తల కొట్టేసినట్టుండేది.

"బావుంది రా నీ గుర్రం. దీనికన్నా మా వీధిలో గాడిద నయం" అనేవాడు దొరబాబు.

"లోకమంతా ఇలాగే ఉందంట బావా. అప్‌డేట్ ఇస్తారంట. కొంచెం ఓపికపట్టు."

"లోకం సంగతి నాకెందుకు? హైదరాబాద్‌లో నీకు అంటగట్టినోడు ఎవడో చెప్పు."

లోవకుమారి నవ్వి ఊరుకునేది. మొహం లేని ముసలమ్మకి ఆమె ఒక పేరు కూడా పెట్టింది. ఎన్ని తప్పులున్నా ఆ సాయంత్రాలు ఆమెకి ఇష్టం. పుట్టింటివాడు ఇంట్లో తిరుగుతుంటే ఆమె గొంతే మారిపోయేది.

అంతలో దసరా వచ్చింది. ఆయుధ పూజ అంటే దొరబాబుకి మహా పట్టింపు. స్పీకర్లు, ఆంప్లిఫయర్లు, వ్యాను, నిచ్చెన, మిక్సీ, టీవీ, గేమ్ మిషను, ఒక్కటీ వదలకుండా తుడిచి గంధం, కుంకుమ పెట్టాడు. చివరికి నా దగ్గరికి వచ్చాడు. నా బొమ్మ వైపు చూశాడు. అక్కడ గుర్రం మీద వీరుడు కత్తి ఎత్తి ఉన్నాడు. గంధం పెడితే బొమ్మ పాడైపోతుంది అనుకున్నాడు కాబోలు, నన్ను వెనక్కి తిప్పాడు. అద్దంలా మెరుస్తున్న వైపు, రంధ్రానికి కాస్త పైన, నుదురు అనుకున్న చోట, ఉంగరపు వేలితో గంధం అద్ది, దాని మీద కుంకుమ పెట్టి, భక్తిగా కళ్ళకద్దుకున్నాడు.

మిషను నన్ను చదవడం మొదలుపెట్టేది సరిగ్గా అక్కడి నుంచే. నేను లోపల్లోపల అరిచాను. ఎవరికి వినిపిస్తుంది?

పూజ అయ్యాక కుంకుమ దులిపి, గంధం బొటనవేలితో తుడిచాననిపించి మిషనులో పెట్టాడు. ఆట రాలేదు. తీసి పెట్టాడు, రాలేదు. ఊదాడు, రాలేదు. 'డిస్కు చదవడం కుదరలేదు' అని తెర మీద అక్షరాలు పడ్డాయి. దొరబాబు మనసులో అన్నాళ్ళుగా కూర్చున్న 'ఊఁ' అప్పుడు లేచి నిలబడింది.

"చెప్పేనా! ఇది డూప్లికేట్. లేపోతే ఎవడో వాడి పారేసింది. సీలు విప్పింది అందుకే. మోసపోయేవో, మోసం చేసేవో నాకు తెలీదు గానీ..."

నూకరాజు మొహం మాడిపోయింది. "మోసం చేసేనా? నేనా బావా?"

పండగ పూట అన్నం దగ్గర నుంచి లేచి వెళ్ళిపోయాడు. లోవకుమారి గుమ్మం దాకా పరిగెత్తి పిలిచినా వెనక్కి తిరగలేదు. అతను ఉండేది ఇంద్రపాలెంలో, ఆటో ఎక్కితే ఎంతో సేపు పట్టదు. అయినా రెండేళ్ళు ఆ గడప తొక్కలేదు. ఆమె వెళ్ళి చూసి వచ్చేది, వచ్చాక ఆ పూటంతా మాట్లాడేది కాదు. ఎడారి పటాన్ని మడతపెట్టి బీరువాలో చీరల కింద దాచేసింది. నన్ను టీవీ వెనక్కి తోసేశారు. అక్కడ దుమ్ములో, కాలిపోయిన బల్బుల మధ్య పడి నేను ఆ మనిషిని తిట్టుకోని రోజు లేదు. తప్పు నాలో లేదా అంటే ఉంది. కానీ ఆ తప్పు వేరు, ఈ తప్పు వేరు.

రెండేళ్ళ తర్వాత ఒక పెళ్ళిలో మైకు పెట్టడానికి వెళ్ళినప్పుడు దొరబాబు ఒక మాట విన్నాడు. గుర్రం గేమ్ మొత్తం బాగుచేశారట, వదిలేసినవాళ్ళంతా మళ్ళీ ఆడుతున్నారట. అతను నమ్మలేదు. నేనూ నమ్మలేదు. నమ్మకపోయినా నన్ను దుమ్ములోంచి తీశాడు. అప్‌డేట్ దిగడం మొదలైంది. అతను స్నానం చేసి, తిని, ఒక నిద్ర తీసినా అది దిగుతూనే ఉంది. చివరికి మిషను నన్ను అడిగింది. పెట్టాడు. మళ్ళీ అవే అక్షరాలు, డిస్కు చదవడం కుదరలేదు.

"చూసేవా! డూప్లికేటే!" అని అరిచాడు దొరబాబు. ఆ గొంతులో బాధ లేదు, గెలిచిన సంతోషం ఉంది. అది విని నాకు ఒళ్ళు మండిపోయింది.

లోవకుమారి వచ్చి నన్ను తీసుకుంది. కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుని చూసింది.

"ఇదేంటండీ, ఇక్కడ పచ్చగా, గుండ్రంగా?"

"ఏదో మరక."

ఆమె ఒక నీటి బొట్టు వేసి, పాత నూలు చీర ముక్కతో మెల్లగా రుద్దింది. తడి తగలగానే ఎండిపోయిన గంధం వాసన వేసింది. ఆమె గుడ్డని ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత గేమ్ మిషను మీద పోయిన దసరాకి పెట్టిన బొట్టు ఇంకా మిగిలి ఉంటే, దాన్ని చూసింది. అదే సైజు, అదే వేలు. తర్వాత మొగుడి వంక చూసింది. తిట్టలేదు. తిట్టి ఉంటే అతనికి తేలిగ్గా ఉండేది.

"పెట్టండి" అంది, నన్ను అతని చేతికిస్తూ.

పెట్టాడు. ఆట వచ్చింది.

నిజం చెప్పాలంటే నేనే నోరు వెళ్ళబెట్టాను. గుర్రం నేల మీద నాలుగు కాళ్ళతో నిలబడింది. కొండ కిందికి దిగింది. ముసలమ్మకి మొహం వచ్చింది, నిజంగా మంచి మొహం. కానీ సంతోషపడేలోపే నాకు ఇంకో సంగతి తట్టింది. దిద్దినదంతా మిషనులో ఉంది, నాలో కాదు. నన్ను ఎవరూ దిద్దలేదు, దిద్దలేరు. నాలోని గుర్రం ఇప్పటికీ నేలలోకి దిగిపోతూనే ఉంది. పైన ఏవో అతుకులు వేశారు కాబట్టి అది బయటికి కనిపించడం లేదు. ఈ అతుకు ఎన్నాళ్ళు నిలుస్తుందో నాకు నమ్మకం లేదు.

దొరబాబు ఎడారిలోకి దూకాడు. కాసేపట్లోనే దారి తప్పాడు. "ఆ పటం ఎక్కడెట్టేవు?" అని కేకేశాడు.

"నా దగ్గరే ఉంది. తమ్ముడొస్తే తీస్తాను."

"వాడికి, దీనికి ఏంటి సంబంధం?"

"గుడ్డ ఇంకా ఉతకలేదండి. తెమ్మంటారా, వాసన చూద్దురు గాని?"

ఆ వారమంతా అతను ఒంటరిగా ఇసుకలో తిరిగాడు. తిరిగిన చోటే తిరిగి, దాహంతో గుర్రాన్ని చంపుకుని, మళ్ళీ మొదటికి వచ్చాడు. చివరికి ఫోన్ తీశాడు. నేను చెవులు రిక్కించాను.

"ఒరేయ్ రాజూ... గుర్రం గేమ్ బాగయ్యింది రా. దసరాకి రా."

"ఎవరు బాగుచేసేరు?" అంది అవతలి గొంతు, ఆచితూచి.

"ఎవరేంటి... కంపెనీ వాళ్ళు."

వంటింట్లో గరిటె గట్టిగా గిన్నెకి తగిలింది. దొరబాబు ఫోన్ పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళిపోయాడు. నేను అనుకున్నంతా అయింది. తన బొట్టు చేసిన తప్పు కూడా కంపెనీ ఖాతాలోకి తోసేశాడు. ఈ మనిషి ఇంతే, మారడు అనుకున్నాను.

పండగ రోజు నూకరాజు వచ్చాడు. వచ్చాడు గానీ దివాన్ మీద పడుకోలేదు, కుర్చీ అంచున కూర్చున్నాడు. లోవకుమారి కళ్ళు తుడుచుకుంటూ మంచినీళ్ళు ఇచ్చింది. దొరబాబు నన్ను అతని ముందుకు చాచి, "నువ్వే పెట్టు" అన్నాడు.

నూకరాజు చేతులు వెనక్కి లాక్కున్నాడు. "వద్దు బావా. నేను ముట్టుకోను. మళ్ళీ ఏదైనా అయితే నా మీదే పడతాది."

లోవకుమారి పూజ పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. తమ్ముడు ఇంకో నిమిషం కూర్చుంటాడా, లేచి వెళ్ళిపోతాడా అన్నదే ఆమె మొహంలో ఉంది. దొరబాబు స్పీకర్లకి బొట్టు పెట్టాడు, మిక్సీకి పెట్టాడు, టీవీకి పెట్టాడు. గంధం గిన్నెతో నా దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. నన్ను వెనక్కి తిప్పి, అద్దం వైపు నూకరాజుకి చూపించాడు.

"ఆ దసరాకి నేను ఇటేపు ఎట్టేను రా" అన్నాడు. "బొమ్మ పాడైపోద్దని. ఇదిగో, ఇక్కడ. అందుకే రాలేదు. డూప్లికేటూ కాదు, ఏంటీ కాదు. నువ్వు మంచిదే తెచ్చేవు."

నూకరాజు నన్ను చూశాడు, బావని చూశాడు. తర్వాత గంధం గిన్నె అందుకుని, ఉంగరపు వేలు ముంచి, దొరబాబు నుదుటి మీద ఇంత పెద్ద బొట్టు పెట్టాడు.

"ముందు నీకెట్టాలి బావా. మనుషుల్ని చదవడం కుదరనిది నీకే" అన్నాడు. అతని కళ్ళు తడిగా ఉన్నాయి, పెదాలు నవ్వుతున్నాయి.

లోవకుమారి పళ్ళెం కింద పెట్టి బీరువా దగ్గరికి పరుగెత్తింది. చీరల కింది నుంచి పటం తీసి నేల మీద పరిచింది. నూకరాజు కుర్చీ వదిలి దివాన్ మీదికి చేరాడు. పడుకోలేదు ఇంకా, చేరగిలబడ్డాడు. అది చాలనుకుంటాను.

ఇన్నేళ్ళలో ఒక మనిషి తన తప్పుని ఇంకొకరి ఖాతాలో రాయకుండా నోటితో చెప్పడం నేను చూడ్డం అదే మొదలు. నాకు సంతోషం కలిగింది, దాచుకోను. కానీ గిన్నెలో గంధం ఇంకా మిగిలే ఉంది. దొరబాబు వేలికి తడి ఆరలేదు. నన్ను ఎటు తిప్పుతాడో అని ఆ వేలి వంకే చూస్తున్నాను.