ఓడ ఎక్కని జంతువులు

కట్టంగూరులో లేడీస్ టైలర్ కరుణకు వచ్చినట్టు టపా ఇంకెవరికీ రాదు. ఊళ్లో అందరికీ బ్యాంకు నోటీసులు, బీమా కాగితాలు వస్తే ఈమెకు జంతువులు వస్తాయి. అవి కూడా ఆవులూ ఏనుగులూ అనుకునేరు! ఒకసారి ఒళ్లంతా పెంకులున్న అలుగు వస్తుంది, ఇంకోసారి మెడ చాచుకుని బట్టమేక పిట్ట వస్తుంది. కోస్గి దవాఖానలో ఏఎన్ఎం నర్సుగా పని చేసే స్నేహితురాలు గ్లోరీ మందు డబ్బాల అట్టను కార్డంత కత్తిరించి, ఒక పక్క రంగులతో బొమ్మ వేసి, రెండో పక్క అడ్రసు రాసి, స్టాంపు అంటించి పంపుతుంది. పోస్టుమాన్ భిక్షం దాన్ని దారిలో కనిపించిన ప్రతివాడికీ చూపించి, అందరి అభిప్రాయాలూ తీసుకుని, అప్పుడు గానీ కరుణ గుమ్మం ముందు బండి ఆపడు.

"చెల్లె, గిది కుక్కనా, పిల్లినా? చాయ్ హోటల్ కాడ పెద్ద పంచాయితీ అయింది."

"పునుగుపిల్లి అన్నా."

"పిల్లేనా! నేను కుక్కనే అని గట్టిగ వాదించి వచ్చిన. ఇప్పుడు ఏ మొకం పెట్టుకొని పోవాలె?"

ఈ పిచ్చి ఇద్దరికీ దేవరకొండ హాస్టల్‌లో అంటుకుంది. గ్లోరీ తండ్రి జాషువా తండాల్లో, పల్లెల్లో ప్రార్థనలు నడిపే పాస్టరు. ఆయన ఇచ్చిన, బైబిల్ జలప్రళయం నాటి నోవహు ఓడ బొమ్మను గ్లోరీ హాస్టల్ గోడకు అంటించుకుంది. అందులో సింహాలూ, ఏనుగులూ, జిరాఫీలూ జోడుజోడుగా ఓడ ఎక్కుతుంటాయి. కరుణ దాన్ని ముక్కు ఆనించి మరీ వెతికి, "మా చెలక కాడ తిరిగే అలుగు ఏదే గిండ్ల?" అని అడిగింది.

"ఎక్కలేదేమో."

"ఎక్కకుంటే మునిగిపోవాలె కదా. మొన్ననే చూసిన, మంచిగనే ఉన్నది."

ఆ ఆదివారమే గ్లోరీ ఒక అట్ట మీద అలుగును వేసింది. ఒక్కదాన్ని ఓడ ఎక్కనివ్వరు కాబట్టి దాని జోడును కరుణ వేసింది. అప్పటి నుంచి వాళ్ల కట్టుబాటు అదే. ఓడ బొమ్మలో చోటు దొరకని జంతువునే ఎంచుకోవాలి. ఒకరు ఒక్కదాన్ని వేసి పంపితే రెండోవారు దాని జోడును చేసి పంపాలి. అది ఎడమకు చూస్తే ఇది కుడికి చూడాలి. గ్లోరీవి రంగుల బొమ్మలు, కరుణవి గుడ్డ బొమ్మలు. మిగిలిన లైనింగ్ ముక్కలను చిన్నచిన్న పెంకుల్లా కత్తిరించి, ఒకదాని మీద ఒకటి పేర్చి కుట్టి ఆమె చేసిన అలుగును నిమిరితే నిజంగానే వేలికి గరుకు తగిలేది.

చదువులైపోయాయి. గ్లోరీకి కోస్గిలో ఉద్యోగం వచ్చింది. కరుణకు కట్టంగూరు డీసీఎం వ్యాను డ్రైవరు శ్రీకాంత్‌తో పెళ్లయింది. తెలంగాణ వచ్చింది, జిల్లాలు మారాయి, కోస్గి నారాయణపేట జిల్లాలో కలిసింది. కరుణ మాత్రం ఇప్పటికీ అడ్రసులో మహబూబ్‌నగర్ జిల్లా అనే రాస్తుంది, కార్డు ఇప్పటికీ చేరుతుంది. రోజూ ఫోన్లో మాట్లాడుకుంటారు కదా, మళ్లీ ఈ కార్డులెందుకని శ్రీకాంత్ ఏడిపించేవాడు. ఏడిపిస్తూనే స్టాంపులు తెచ్చి పెట్టేవాడు.

పోయిన ఎండాకాలం ఆ శ్రీకాంత్ గుండెపోటుతో పోయాడు.

భర్త పోయిన ఆడదాన్ని పక్కకు జరపడం లోకానికి మహా బాగా వచ్చు. తిట్టదు, కొట్టదు. చేతిలో ఉన్నదాన్ని మర్యాదగా తీసేసుకుంటుంది. శ్రీకాంత్ అన్న ఐలేశం కూతురి పెళ్లి కుదిరింది. పెళ్లి జాకెట్ గుడ్డ కరుణ దగ్గరికే వచ్చింది, కొలతలు కూడా తీసుకుంది. మర్నాడు ఐలేశం భార్య వచ్చి కుర్చీ అంచున కూర్చుంది.

"జర ఏమనుకోకు కరుణా. పెండ్లి గుడ్డకు కత్తెర ముత్తైదువ చేతనే పడాలెనంటున్నరు. కడమ జాకెట్లన్ని నువ్వే కుట్టు. గదొక్కటే..."

కరుణ గుడ్డను మడత పెట్టి ఇచ్చేసింది. పసుపు దంచే రోజు ఎవరూ ఏమీ అనకముందే తనే లేచి వెనక్కి వెళ్లి కూర్చుంది. ఆమె చెయ్యి తగిలితే చెడు జరుగుతుందని ఎవరూ అనుకోని పని ఒక్కటే మిగిలింది, గ్లోరీ పంపే జంతువుకు జోడు కట్టడం. అది ఉంది కదా అనుకుని ధైర్యంగా ఉంది.

సరిగ్గా అప్పుడు వచ్చింది కొత్త కార్డు. గుండ్రటి కళ్ల దేవాంగపిల్లి కొమ్మ పట్టుకుని కూర్చుంది. దాని పక్కనే, దాని వైపే చూస్తూ ఇంకొకటి. జోడును గ్లోరీయే వేసేసింది.

కరుణ కార్డును తిప్పి చూసింది. అడ్రసు తప్ప ఏమీ లేదు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. "నువ్వు గూడనా గ్లోరీ," అంది పైకే. మిషను తొక్కడం మానేసి చాలాసేపు అట్లాగే కూర్చుండిపోయింది.

తర్వాత రెండు నీటికుక్కలు వచ్చాయి. ఆ తర్వాత రెండు దుమ్ములగొండ్లు. "డబుల్ ఆఫర్ నడుస్తున్నట్టున్నది చెల్లె," అని భిక్షం నవ్వాడు. కరుణ నవ్వలేదు. గ్లోరీ ఫోన్ చేస్తే ఎత్తలేదు.

అత్త అండాలుకు కళ్లచూపు తగ్గింది గానీ ఇంట్లో జరిగేది కనబడనంత తగ్గలేదు.

"ఫోను గట్ల మొత్తుకుంటాంటే ఎందుకు లేపవే? దోస్తు మీద అలిగినవా?"

కరుణ కార్డులు తెచ్చి ముందు పరిచి సంగతి చెప్పింది. అండాలు కార్డులను కళ్ల దగ్గర పెట్టుకుని చూసింది. ఆమెకూ చిన్న వయసులోనే మొగుడు పోయాడు.

"నాకు గూడ ఒక్కొక్కటే బంద్ జేయించిన్రు బిడ్డా. నేను నోరు మూసుకొని కూసున్న. కూసుంటే ఏమైతదో నన్ను చూస్తనే ఉన్నవు గద. నువ్వు కూసోకు. పో, పోయి మొకం మీదనే అడుగు. తప్పయితే తిట్టి రా."

కరుణ పొద్దున్నే బస్సెక్కింది. నల్లగొండ, దేవరకొండ, కల్వకుర్తి, పాలమూరు, ఎన్ని బస్సులు మారాలో అన్నీ మారింది. దారి పొడుగునా గ్లోరీని ఏమేం తిట్టాలో కూడబలుక్కుంది. కోస్గిలో దిగేసరికి ఎండ తగ్గింది. గ్లోరీ కిరాయి గది దవాఖాన వెనక సందులో. టీకాల డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిందేమో, భుజాన సంచి ఇంకా దించలేదు.

"ఏమే! ఫోన్ జేస్తే ఎత్తవు, చెప్పకుండ ఊడిపడ్డవు! అందరు మంచిగున్నరా?"

కరుణ కూర్చోలేదు. మూడు కార్డులు తీసి మంచం మీద వేసింది.

"గివేంది?"

"బొమ్మలు."

"బొమ్మలని నాకు గూడ ఎరుకే. జోడు నువ్వెందుకు ఏసినవు? ఎయ్యాల్సింది నేను గద."

గ్లోరీ సంచి దించి నెమ్మదిగా గోడకు ఆనించింది. "బావ పోయినంక... ఒక్కదాన్నే ఏసి పంపి, దీనికి జోడు నువ్వు జెయ్యి అంటే నీకెట్లుంటదే? కత్తిరించుకుంట కూసొని ఏడుస్తవనుకున్న. అందుకే రెండు నేనే ఏసిన. చూసి జర సంబురపడ్తవనుకున్న."

"ఏడిస్తే ఏడుస్త! ఏడ్చుకుంటనే కుడ్త!" కరుణ గొంతు సందులోకి వినబడింది. కూడబలుక్కున్న తిట్లలో ఒక్కటీ నోటికి రాలేదు. "పెండ్లి జాకెట్ కుట్టొద్దన్నరు, ఇచ్చేసిన. పసుపు కాడికి రావద్దనకముందే జరిగిన. వాళ్లు వద్దంటే నాకు గింత బాధ కాలే గ్లోరీ. నా చెయ్యి జోడుకు పనికిరాదని నువ్వు గూడ అన్నట్టయింది."

"అయ్యో దేవా! నా మనసుల గట్లాంటిది లేదే."

"లేదని నాకు గూడ ఎరుకే. అయినా గట్లనే తగిలింది."

ఇద్దరూ మంచం మీద కూలబడి ఏడ్చారు. ఏడ్చినంతసేపు ఏడ్చి, గ్లోరీ లేచి చాయ్ పెట్టింది. స్టవ్ దగ్గర గోడ నిండా కరుణ చేసిన గుడ్డ జంతువులే ఉన్నాయి. కొన్ని పాతబడి రంగు వెలిసిపోయాయి. ఆ గోడ పక్కన ఒకే కుర్చీ, ఒకే కంచం, తీగ మీద ఒక్క మనిషి బట్టలు. ఈ గదికి ఎన్నిసార్లు వచ్చినా అవి ఎప్పుడూ కళ్లబడనే లేదు కరుణకు. చాయ్ గ్లాసు చేతికి వచ్చినా తాగలేదు.

"గ్లోరీ, ఒక మాట అడుగుత, నిజం చెప్పు. నేను మొగనితోని సంసారం జేసుకుంట, గీడ ఒక్కదానివే ఉన్న నీకు జోడు, జోడు అని పంపుకుంట వచ్చిన. ఎన్నడన్న మనసు నొచ్చిందా?"

గ్లోరీ తన గ్లాసు కింద పెట్టింది.

"ఒక్కసారి. విజేందర్ సంబంధం ఖాయమయినట్టే అయి చెడిపోయింది చూడు, గప్పుడు. గా వారమే నీ కొండగొర్రె వచ్చింది. పట్టుకొని మస్తు ఏడ్చిన."

"మరి చెప్పవేందే నాకు? నేనేమన్న పరాయిదాన్నా?"

"చెప్తే, అయ్యో దానికి బాధయితాందని నువ్వు పంపుడే బంద్ జేస్తవని..."

మాట అక్కడే ఆగిపోయింది. గ్లోరీ తన నోటి మీద తనే చెయ్యి పెట్టుకుంది.

కరుణ ఆమె వైపే చూస్తూ చాయ్ ఒక గుక్క తాగింది. "చూసినవా?" అంది.

గ్లోరీ లేచింది. ఖాళీ మందు డబ్బా ఒకటి విప్పి, కార్డంత కత్తిరించి, రంగులు తీసి నేల మీద కూర్చుంది. ఒక ఏదుపందిని వేసింది. ఒక్కదాన్నే. ఒంటి నిండా ముళ్లు, ఎడమకు చూస్తోంది.

"ఓసి నీ! గిన్ని ముండ్లు ఎట్ల కుట్టాలెనే నేను?"

"గది నీ తిప్పలు. నాకేం ఎరుక." అని, రంగు ఆరేదాకా ఊదుతూ గ్లోరీ మెల్లగా అడిగింది. "ఏడుస్తవా?"

"ఏడుస్త గావచ్చు. నువ్వు మాత్రం పంపుడు బంద్ జెయ్యకు."

మర్నాడు పొద్దున బస్టాండుకు వెళ్లే దారిలో గ్లోరీ ఆ కార్డును పోస్టు డబ్బాలో వేసింది. పక్కనే నిలబడి ఉన్నా కరుణ దాన్ని చేతికిమ్మని అడగలేదు. పాలమూరు బస్సు కదిలేసరికి కిటికీ పక్క సీట్లో కూర్చుని, కుడివైపుకు చూసే ఏదుపందికి ముళ్లు నల్ల దారంతో కుట్టాలా, గోధుమ రంగు దారంతో కుట్టాలా అని ఆలోచిస్తోంది.