గోడ వెనక విన్న సీరియల్

"ఏ సీరియల్ ఇష్టమో చెప్పండి చాలు. మనిషి జాతకం మొత్తం నేను చెప్పేస్తా" అని హాల్లోంచి మా ఆయన గొంతు వినబడేసరికి నేను వంటింట్లో బఠాణీలు ఒలుస్తున్నాను. ఆయన ముప్పై నాలుగేళ్ళు స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా చేసి ఈ మధ్యే రిటైరయ్యారు. తనిఖీ చేయడానికి స్కూళ్ళు లేకుండా పోయాక మనుషుల మీద పడ్డారు.

ఆ రోజు ఆయనకి దొరికినవాళ్ళు ముగ్గురు. వాళ్ళక్కయ్య, తమ్ముడు, తమ్ముడి భార్య. నాకు ఆడపడుచు, మరిది, తోటికోడలు. రిటైరైన రెండో నెలలోనే ఆయన పాత సీరియళ్ళన్నీ దొరికే ఏర్పాటేదో టీవీలో పెట్టించుకున్నారు. అందులో 'మూడో అంతస్తు' కనబడగానే చిన్నపిల్లాడిలా కేకేశారు. పాతికేళ్ళ కిందట వారం వారం వీధులు ఖాళీ చేయించిన సీరియల్ అది. మొత్తం ఇరవై ఆరు భాగాలు. ఆదివారానికి రెండు చొప్పున, పదమూడు ఆదివారాలు, అందరూ కలిసి మళ్ళీ చూడాలని తీర్మానమైంది. "భోజనాలు మా ఇంట్లోనే" అని ఆయనే అందరికీ ఫోన్లు చేసి చెప్పారు. చెప్పడం ఆయనది, చేయడం నాది. పనుల పంపకం దగ్గర మా ఇంట్లో ఎప్పుడూ గొడవ రాలేదు.

జాతకాలు మొదలయ్యాయి. మా ఆడపడుచుకి ఇష్టమైంది ఒక పెద్ద భవంతిలో పెద్దకోడల్ని అందరూ కలిసి ఏడిపించే సీరియల్. "అక్కయ్యది జాలిగుండె" అని తేల్చారు ఈయన. నిజమే. ఆవిడ ఆ కోడలి కోసం కొంగు తడిసేలా ఏడవడం నేను కళ్ళారా చూశాను. ఆ కొంగుతోనే కళ్ళు తుడుచుకుని, "చారులో ఉప్పెక్కువైంది, మీ అమ్మ నేర్పలేదా?" అని నన్నడగడమూ చూశాను. మా మరిదికి దొంగల వెంట పోలీసులు పరిగెత్తే సీరియళ్ళంటే ప్రాణం. "వీడిది చురుకైన స్వభావం" అన్నారు. ఆ చురుకైన మనిషి పక్క బల్ల మీదున్న మంచినీళ్ళ గ్లాసు తన చేతికి అందించమని అప్పుడే భార్యని కేకేశాడు. ఇక తోటికోడలి వంతు.

"నాకు దెయ్యాల సీరియళ్ళంటే ఇష్టం బావగారూ."

"అంటే భయస్తురాలివన్నమాట."

"అదేం కాదండీ. దెయ్యం వచ్చినప్పుడైనా ఇంట్లో మగవాళ్ళు కుర్చీల్లోంచి లేస్తారు కదా, అది చూడ్డం బావుంటుంది."

బఠాణీలు చేతిలో ఉండిపోయాయి. నవ్వు బయటికి వినబడకుండా ఉండడానికి పంపు తిప్పాను. ఆ పిల్లకి నా మీద అభిమానం. ఆ మాట ఊరికే వదల్లేదు. "అక్కా, మరి నీకేది ఇష్టం?" అని గోడ అవతల నుంచి అరిచింది.

నాకంటే ముందు మా ఆయనే జవాబిచ్చారు. "మీ అక్కకి అభిరుచులంటూ ప్రత్యేకంగా ఏమీ లేవు. ఏది పెడితే అది చూస్తుంది."

నేను చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి, "మూడో అంతస్తు" అన్నాను.

అందరూ నవ్వారు. మా ఆడపడుచు అయితే ఆయాసపడేదాకా నవ్వింది. "నువ్వెప్పుడు చూశావమ్మాయ్? వచ్చినన్నాళ్ళూ వంటింట్లోనే ఉన్నావుగా!" అంది. తను సాక్ష్యం చెబుతోందని ఆవిడకి తెలియదు, పాపం.

అది అక్షరాలా నిజం. నేను ఆ సీరియల్ చూడలేదు, విన్నాను. ఈ ఇల్లే, ఈ గోడే. టీవీ ఆ గోడకి అటు, మా పొయ్యి ఇటు. నాకు పెళ్ళైన రెండో ఏడు. సీరియల్ సరిగ్గా భోజనాల ముందు గంటలో వచ్చేది. మా అత్తగారు ముందు కుర్చీలో, మిగతావాళ్ళు చుట్టూ. నేను భౌతికశాస్త్రంలో డిగ్రీ చదివి వచ్చాను. శబ్దం గోడని దాటుతుంది, వెలుతురు దాటదు అన్న ఒక్క పాఠమే ఈ ఇంట్లో నాకు అక్కరకొచ్చింది. పళ్ళెం పట్టుకుని హాల్లోకి వెళ్తే నా ముఖం వాళ్ళ వైపు, వీపు టీవీ వైపు. ఒక్క క్షణం వెనక్కి తిరిగానా, "అడ్డం తప్పుకోవమ్మా" అనేవారు అత్తగారు. కోపంగా కాదు, కర్టెన్ పక్కకి జరిపినంత మామూలుగా. అందుకని చెవులకే పని చెప్పుకున్నాను. వకీలు గొంతు రాగానే పంపు కట్టేయడం, వాదన ముదిరితే మంట తగ్గించడం, మిక్సీ ప్రకటనలప్పుడే వేయడం. ఎవరూ నేర్పకుండా వచ్చిన విద్య అది.

కథ ప్రతి వారం ఒకటే. మూడో అంతస్తులో ఒక వకీలు గది. మెట్లెక్కి ఎవరో వస్తారు. వాళ్ళ అడుగుల చప్పుడుని బట్టి వచ్చింది ముసలివాళ్ళో, భయంలో ఉన్నవాళ్ళో, అబద్ధం చెప్పబోయేవాళ్ళో నేను ముందే పోల్చుకునేదాన్ని. వచ్చినవాళ్ళు గోడు వెళ్ళబోసుకుంటారు. వకీలు ప్రశ్నలు వేస్తాడు. మధ్యలో ఒకచోట ఆగుతాడు. రెండు మూడు క్షణాల నిశ్శబ్దం. కాగితం కదిలిన సన్నటి అలికిడి. ఆ తరవాత, "ఆగండి. ఈ ఉత్తరం మీద తేదీ చూశారా?" అంటాడు. అంతే, కేసు గెలిచినట్టే. ఆ కాసేపు నిశ్శబ్దం కోసమే నేను వారమంతా ఎదురుచూసేదాన్ని. నాకు తెలిసిన మగవాళ్ళలో నోరు తెరిచే ముందు ఆలోచించేవాడు ఆ వకీలొక్కడే మరి. ఇప్పుడు చెబితే తప్పేముంది, ఆ నిశ్శబ్దాన్ని నేను కొంచెం ప్రేమించాను కూడా.

చివరి భాగం మాత్రం నాకు ముల్లులా మిగిలిపోయింది. భార్యని ఇంట్లోంచి ఖాళీ చేయించాలని ఒక పెద్దమనిషి మెట్లెక్కి వస్తాడు. వకీలు ఆ కేసు పట్టుకుంటాడు. వాదన అంతా సాగి సాగి, ఎప్పటిలాగే, "ఆగండి" అంటాడు. నిశ్శబ్దం. మూడు క్షణాలు కాదు, నిమిషం పైనే. నేను గరిటె పట్టుకుని గోడకి చెవి ఆనించి నిలబడ్డాను. ఏమీ లేదు. చివరికి కుర్చీ కిర్రుమంది. "ఈ కేసు నేను గెలవలేను" అన్నాడు. సంగీతం. అవతల అందరూ ఉసూరుమన్నారు. ఆ రాత్రి వడ్డిస్తూ మా ఆయన్ని అడిగాను, "ఆ నిమిషంలో ఏం జరిగిందండీ?" అని. "ఏముంటుంది? ముసలాడయ్యాడు, మర్చిపోయాడు. కూర ఇంకొంచెం వెయ్యి" అన్నారు. పాతికేళ్ళుగా ఆ నిమిషంలో నేను ఎన్ని పెట్టి చూశానో. ఏడ్చాడని ఒకసారి, గుండె నొప్పి వచ్చిందని ఒకసారి, చనిపోయిన తల్లి ఫొటో చూశాడని ఒకసారి. ఏదీ ఆ కొలతకి సరిపోలేదు.

ఇదంతా వాళ్ళకి చెప్పలేదు. "ఆఖరి భాగం మాత్రం నేను మీతో కూర్చుని చూస్తాను" అన్నాను, అంతే. "చూద్దువుగానిలే, దానికేం భాగ్యం" అన్నారు ఈయన. చూడడానికి భాగ్యమెందుకో, కుర్చీ చాలు కదా అనుకున్నాను.

పన్నెండు ఆదివారాలు గడిచాయి. పళ్ళేలు వెళ్ళాయి, ఎంగిలివి తిరిగొచ్చాయి. నేను గోడ దగ్గర నా పాత చోటులోనే ఉన్నాను. పదమూడో ఆదివారం పొద్దున్న ఐదింటికి లేచి వంట మొత్తం చేసి బల్ల మీద సర్దాను. టీ ఫ్లాస్కులో పోశాను. ఇరవై ఐదో భాగం అయ్యాక వంటింట్లోంచి స్టూలు తెచ్చుకుని సోఫా పక్కన వేసుకున్నాను. తోటికోడలు భర్తని మోచేత్తో పక్కకి నెట్టి సోఫాలో చోటు చేసింది. కూర్చున్నాను. మెత్తగా ఉంది. మా ఇంట్లో సోఫా ఇంత మెత్తనిదని నాకు గుర్తులేదు.

మొదలైన రెండు నిమిషాలకే మా ఆడపడుచు, "కాస్త వేడి నీళ్ళు..." అంది, ఎవరితోనూ కానట్టు. నేను టీవీ మీంచి చూపు తిప్పలేదు. మరిది, "వదినా, ఆ ఊరగాయ ఎక్కడుంది?" అన్నాడు. "సీసాలోనే ఉంది చూడు" అన్నాను. అయిదో నిమిషానికి ఈయన గొంతు సవరించుకున్నారు. "ఫ్లాస్కులో టీ చల్లారినట్టుంది. కొంచెం వేడిగా పెడితే..."

"మీరు పెట్టండి. అక్కడికి అంతా బాగా వినబడుతుంది, మీరేం నష్టపోరు."

ఆయన లేవలేదు. కానీ మళ్ళీ టీ మాట ఎత్తలేదు.

అప్పుడే నేను ఆవిణ్ణి చూశాను. వకీలు గదిలో, అలమార పక్కన, యాభై ఏళ్ళ మనిషి. నేరేడుపండు రంగు చీర. నాకు తెలియని మనిషి. ఇరవై ఆరు భాగాలూ నోటికొచ్చు అనుకున్న నాకు, ఎవరి అడుగులు ఎవరివో చెప్పగల నాకు, ఆవిడ ఎవరో తెలియదు.

"ఎవరావిడ?" అన్నాను.

"ఏవిడ?" అంది ఆడపడుచు. తెరంతా వెతికి, "ఓ, ఆవిడా? వకీలు పెళ్ళాం. మొదట్నుంచీ ఉంది" అంది.

"మరి నాకెప్పుడూ వినబడలేదే?"

"డైలాగులు లేవులే ఆవిడకి" అన్నారు మా ఆయన.

ఆ తరవాత నేను వకీలుని చూడడం మానేశాను. ఆవిణ్ణే చూశాను. పెద్దమనిషి చెప్పుకుపోతున్నాడు. వకీలు ప్రశ్నలు వేస్తున్నాడు. ఒకచోట ఆగాడు. నాకు కంఠతా వచ్చిన ఆ రెండు మూడు క్షణాలు. ఆవిడ టీ కప్పు దించుతూ, బల్ల మీది కాగితాల కట్టలోంచి ఒకటి పైకి లాగి, ఒక వరుస మీద వేలు ఆనించి వెళ్ళిపోయింది. కాగితం కదిలిన అలికిడి. "ఆగండి, ఇది గమనించారా?" అన్నాడు వకీలు. పాతికేళ్ళు నేను వకీలు ఆలోచన అనుకుని ప్రేమించింది ఆవిణ్ణన్నమాట.

చివరి ఘట్టం వచ్చింది. పెద్దమనిషి భార్యని వీధిలోకి నెట్టడానికి ఇక ఒక్క కాగితం కావాలి. "ఆగండి" అని వకీలు చూడకుండానే చెయ్యి వెనక్కి చాపాడు. ఆవిడ అలమార దగ్గరే ఉంది. ఆ కాగితం ఆవిడ చేతిలోనే ఉంది. తెర అంచున, సగం మాత్రమే కనబడుతోంది. దాన్ని ఒకసారి చదివింది. నిదానంగా నాలుగు మడతలు పెట్టింది. కిటికీ దగ్గరికి వెళ్ళి, వీధిలోకి చూస్తూ నిలబడింది. వకీలు చెయ్యి అలాగే గాల్లో ఉంది. నిమిషం పైనే. ఆ చెయ్యి ముసలిది కావడం నేను చూశాను. కుర్చీ కిర్రుమంది.

"పాపం, మతిమరుపొచ్చేసింది మహానుభావుడికి" అని నిట్టూర్చింది ఆడపడుచు.

"ఆవిడ ఇవ్వలేదు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

"ఎవరు?"

"ఆవిడ. కాగితం ఆవిడ చేతిలోనే ఉంది. కావాలనే ఇవ్వలేదు."

"నువ్వు లేనిపోనివి ఊహించుకోకు" అన్నారు మా ఆయన. "నేనిది రెండుసార్లు చూశాను. నువ్వు చూసింది ఒక్కసారి, అదీ ఆఖరి భాగం. డైలాగు లేని వేషానికి అంత కథెవరు రాస్తారు?"

పేర్లు పడుతున్నాయి. ఆవిడగా వేసినామె పేరు కోసం ముందుకి వంగాను. ఆయన రిమోట్ నొక్కేశారు. "ఇక భోజనాలకి లేవండి" అన్నారు. అందరూ లేచారు. తోటికోడలు మాత్రం నా పక్కన ఉండిపోయింది. ఆరిపోయిన టీవీ కేసి చూస్తూ, "నిజమే అక్కా, మడత పెట్టింది. అప్పట్లో మా పుట్టింట్లోనూ చూశాను. చూసి కూడా..." అని ఆగిపోయింది.

ఆ పూట నేను వడ్డించలేదు. గిన్నెలు బల్ల మీద ఉన్నాయి, చేతులు ఎవరివి వాళ్ళకున్నాయి. నాకు కోపమేమీ రాలేదు. ఒక లెక్క మాత్రం తేలింది. వీళ్ళు వెలుతురున్న వైపు కూర్చుని ఇరవై ఆరు భాగాలు రెండుసార్లు చూశారు. నేను గోడ వెనక నుంచి విని కనీసం అక్కడేదో ఖాళీ ఉందని గుర్తుపట్టాను. ఈ ఇంట్లో చూడడం వచ్చినవాళ్ళు ఎవరన్న ప్రశ్న ఇకమీదట ఇన్‌స్పెక్టరుగారికి వదలదలచుకోలేదు.

సోమవారం పొద్దున్న పది గంటలకి, బట్టలు నానబెట్టాల్సిన వేళకి, సోఫాలో నడిమధ్య కూర్చుని మొదటి భాగం పెట్టుకున్నాను. మా ఆయన పేపరు మడిచి పట్టుకుని గుమ్మంలోకి వచ్చారు.

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

"ఇరవై ఆరూనా?"

"ఇరవై ఆరూ. రోజుకొకటి, ఈ టైముకే."

"మరి వంట?"

నేను టీవీ సౌండు కాస్త పెంచాను. ఆయన కాసేపు వంటింటి వైపు, కాసేపు టీవీ వైపు చూశారు. ఎటూ వెళ్ళలేక వచ్చి సోఫా చివర కూర్చున్నారు. తెర మీద వకీలు తన గదికి తాళం తీస్తున్నాడు. అతని వెనకే, రెండు చేతులా కాగితాల కట్టలు మోస్తూ, మూడంతస్తులెక్కిన ఆయాసంతో ఆవిడ. తలుపు తెరిచి అతను లోపలికి వెళ్ళాడు. ఆవిడ రాకముందే తలుపు వెనక్కి వచ్చేసింది. ఆవిడ దాన్ని భుజంతో ఆపింది.

మా ఆయన ముందుకి వంగారు. నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచారు. "ఈవిడ... మొదటి భాగం నుంచీ..." అన్నారు.

"కాసేపు మాట్లాడకండి" అన్నాను. "నేను చూస్తున్నాను."