తోడుకున్న మంచు

రాత్రి లోయలోకి దిగిన మంచు తెల్లారేసరికి తోడుకుని ఉంది. మత్స్యలింగం గంపకొండ అంచున గొంతుక్కూర్చుని చూపుడువేలు ముంచి చూస్తాడు. గుంట పడుతుంది గానీ నీరు ఊరదు. ఇటు గంపకొండ నుంచి అటు ఎదురుకొండ దాకా లోయంతా బాగా పేరుకుంది, పైన మీగడ కూడా కట్టింది.

ఈ మంచు మీద మనిషి నడవలేడు. నిన్న ఇంకా పలచగా ఉన్నప్పుడే తొందరపడి అడుగేస్తే మోకాలి దాకా దిగబడ్డాడు, ఎడమకాలి చెప్పు జారిపోయింది. కింద ఊళ్ళోంచి ఎవరో "రెండోది కూడా పడీసీ బాబూ, జత అవుతాది" అని అరిచారు. రెండు చక్రాల బండి మంచును కోసుకుంటూ దిగిపోతుంది. నాలుగు చక్రాల బండి అయితే బరువు నాలుగు చోట్లకి పంచుకుంటుంది కాబట్టి నిలుస్తుంది. మత్స్యలింగానికి అలాంటి బండి ఒకటుంది. ఎర్రది, మోటారుసైకిలుకున్నట్టు హ్యాండిలుండేది, టూరిస్టుల్ని చేల చుట్టూ తిప్పేది. అది స్టార్టు కావడం లేదు.

ఎండ తగిలితే మంచు విరిగిపోతుంది. రేపటికి ఉంచుదామంటే పులిసిపోతుంది, పులిసిన మంచు బరువు ఆపదు. అందుకని పొద్దు పొడిచేలోపే అతను అవతలికి వెళ్ళాలి. అవతల వలిసగరువులో, పుట్టింట్లో, అతని భార్య దేవుడమ్మ ఉంది.

రోడ్డు మీద వెళ్ళొచ్చు కదా అంటారేమో. ఆమె వెళ్ళినప్పటి నుంచీ ఘాటురోడ్డు పెరుగుతోంది. పొద్దున బయలుదేరిన బస్సు సాయంత్రానికి ఇంకా మొదటి మలుపులోనే ఉంటోంది. కండక్టరుకు విసుగెత్తి బస్సులోనే బీరపాదు వేసుకున్నాడు. మత్స్యలింగం ఆ బస్సెక్కి చూసి, కాయలు కాసే దాకా కూర్చుని, దిగి ఇంటికొచ్చాడు.

ఆమె వెళ్ళేనాటికి వలిస చేలు, ఆ పసుపుపూల నూనెగింజల చేలు, పూతకు రాలేదు. ఇప్పుడు ఎదురుకొండ పసుపు రాసినట్టుంది. రోజూ తెల్లవారుజామున ఆ పసుపులోంచి సన్నగా ఒక పొగ లేస్తుంది. అది దేవుడమ్మ పొయ్యేనని మత్స్యలింగానికి తెలుసు, ఆమె పచ్చికట్టెలు పెట్టి ఊదుతుంది. ఆ పొగ చూసినప్పుడల్లా అతనికి కళ్ళు మండుతాయి. ఇంత దూరం నుంచి పొగ రాదు, దిగులే.

అతను బండి దగ్గరికొచ్చి తాళం తిప్పుతాడు. పచ్చలైటు వెలుగుతుంది. హారను మోగుతుంది. బ్యాటరీ బాగానే ఉందన్నమాట. ఉండకేం చేస్తుంది, చలికి చచ్చిపోకుండా రాత్రంతా దాన్ని పక్కలో వేసుకుని, దేవుడమ్మ పడుకునే వైపున రగ్గు కప్పి పడుకోబెట్టాడు. తెల్లారి తీయబోతే అది అటు తిరిగి మళ్ళీ నిద్రపోయింది.

మీట నొక్కుతాడు. ఇంజను గిర్రుగిర్రుమంటుంది, పట్టదు.

హ్యాండిలు మీద ఎర్ర స్విచ్చి ఉంటుంది, ఇంజను ఆపేది. అందరూ ఆఖర్న చూసేది, నిజానికి ముందు చూడాల్సింది అదే. ఇవాళ దాని మీద ఆనుకూ ఆఫుకూ మధ్య కొత్తగా 'చూద్దాం' అని ఇంకో గుర్తుంది. స్విచ్చి అక్కడ ఆగి ఉంది. మత్స్యలింగం దాన్ని ఆను వైపు నెడతాడు. చోకు లాగుతాడు. మీట నొక్కుతాడు. గిర్రుగిర్రు, అంతే.

పక్కనే టీ బడ్డీ. నడిపేది అతని అన్నభార్య బంగారమ్మ. ఆమె నోటికి జడిసి చలి కూడా బడ్డీలోకి రాదు, బయటే నిలబడుతుంది.

"ఏటి మరిదీ, లెగనేదా?" అంటుంది, గ్లాసులు కడుగుతూ.

"లెగనేదొదినా."

"సలికి లెగనేదా, అలిగి లెగనేదా?"

"రెండిటికీ తేడా ఏటి?"

"సలికైతే నిప్పు సూపిత్తాం. అలిగితే కాళ్ళట్టుకుంటాం. దీనికి సూత్తే నాలుగున్నాయి, నీకున్నవి రెండు సేతులే."

మత్స్యలింగం నవ్వడు. ముందు నిప్పు వైపే మొగ్గుతాడు. ప్లగ్గు విప్పి, మసి తుడిచి, వదిన పొయ్యి మీద టీగిన్నె పక్కన వెచ్చబెడతాడు. వైరు తగిలించి ఇంజను ఒంటికి ఆనించి మీట నొక్కుతాడు. నీలంగా నిప్పురవ్వ పుడుతుంది. పుట్టి, పోకుండా ప్లగ్గు కొన మీద కూర్చుని అటూ ఇటూ చూస్తుంది. చలిగా ఉందని మళ్ళీ లోపలికి వెళ్ళిపోతుంది. కరెంటులో తప్పు లేదు.

పెట్రోలు ట్యాంకు మూత తీస్తాడు. పెట్రోలు ఉంది, ఒక మూలకి ముడుచుకుని ఉంది. బండిని ఊపితే ఒళ్ళు విరుచుకుని సర్దుకుంటుంది. గాలి ఫిల్టరు తీసి దులుపుతాడు. అందులోంచి టూరిస్టుల కేకలు రాలుతాయి. వలిస చేను చుట్టూ, బండి ఎగిరినచోటల్లా వాళ్ళు వేసిన కెవ్వులు, కేరింతలు, ఒక పెళ్ళికూతురి "అమ్మో పడిపోతాం" కూడా. బంగారమ్మ వాటిని చీపురుతో ఊడ్చి ఒక పక్కకి చేరుస్తుంది.

ఇక తాడు. కొక్కెం పట్టుకుని ఒక్క ఊపున లాగితే ఇంజను తిరగాలి, తాడు వెనక్కి పోవాలి. మత్స్యలింగం లాగుతాడు. తాడు వస్తుంది, వెనక్కి పోదు. మళ్ళీ లాగుతాడు, ఇంకా వస్తుంది. లాగి లాగి వాకిలి సగం నిండాక అది కొసతో సహా ఊడి వస్తుంది. చుట్ట చుట్టి భుజానికి తగిలించుకుంటాడు. మంచి తాడు, ఎందుకైనా పనికొస్తుంది.

సిల్వర్ ఓకు చెట్ల వెనక ఆకాశం ఎర్రబడుతోంది. మత్స్యలింగం గుండె ఇంజనుకన్నా నయం, అది గట్టిగానే కొట్టుకుంటోంది.

"అన్నీ బాగున్నాయి, బండి బాగోనేదు," అంటాడు. అతనికి ఏడుపొస్తోంది.

బంగారమ్మ టీ గ్లాసు చేతిలో పెట్టి బండిని తేరిపార చూస్తుంది.

"మరేటి కాదు. దీన్నెవులో ఎక్కడికని అడిగీసినారు."

బయలుదేరిన మనిషిని ఎక్కడికని అడగకూడదు. అడిగితే వెళ్ళిన పని కాదు. నోరు జారి అడిగారా, ఆ మనిషి వెనక్కొచ్చి కూర్చోవాలి, కాసిని నీళ్ళు తాగాలి, అప్పుడు కొత్తగా బయలుదేరాలి. ఇది తెలియనివారు ఈ కొండమీద లేరు. తెలిసీ అడిగినవాడు ఒకడున్నాడు, వాడి చేతిలో టీ చల్లారిపోతోంది.

ఆ రోజు దేవుడమ్మ సంచి పట్టుకుని గుమ్మం దిగింది. మత్స్యలింగం బండి కడుగుతున్నాడు. సంతకని తెలుసు. అయినా తలెత్తకుండా, ఊరికే, "ఎక్కడికీ?" అన్నాడు. ఆమె పద్ధతి ప్రకారం వెనక్కొచ్చి, బండి సీటు మీద కూర్చుని చెంబెడు నీళ్ళు తాగింది. తాగుతూ ఆ మాట గురించి ఆలోచించింది.

"పెళ్ళైన కాణ్ణించీ నన్నెవులూ ఈ మాట అడగనేదు," అంది. "పొయ్యికాడికి, నీళ్ళకి గెడ్డకాడికి, సంతకి, మళ్ళీ పొయ్యికాడికి. అది ఎల్డం కాదు గదా, తిరగడం. నిజిమే, నానెక్కడికి?"

మత్స్యలింగం చక్రాల మట్టి గీకుతూ "ఊఁ" అన్నాడు. ఆ "ఊఁ" ఖరీదు అతనికి అప్పుడు తెలియదు. ఆమె చెంబు సీటు మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ రోజు ఘాటురోడ్డు ఇంకా మామూలు పొడుగే.

"ఆ మాట బండి కూడా ఇనీసుంటాది," అంటుంది బంగారమ్మ. "అదీ అంతే గదా. సేను సుట్టూ తిరిగి తిరిగి బయలెల్లిన కాడికే వొత్తాది. పాపం, అప్పట్నించీ ఆలోసిత్తంది."

అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అంటారు. లోకువైపోయినా సరే, ఈ ప్రశ్నకి జవాబు చెప్పే తీరాలని మత్స్యలింగం అనుకుంటాడు. ముందు పద్ధతి ప్రకారం నీళ్ళు తాగించాలి.

స్పానరుతో కార్బొరేటరు కింద గిన్నె విప్పుతాడు. లోపల చలికాలం ఉంది. గోరంత లోయ, అందులో తోడుకున్న మంచు, అంచున గోరంత ఎర్రబండి, దాని మీదికి వంగి కార్బొరేటరు విప్పుతున్న మనిషి. ఇంకా లోపలికి చూడడు. అక్కడ కూడా స్టార్టయి ఉండదు. గిన్నె బిగించి, బంగారమ్మ ఇచ్చిన వేడినీళ్ళు దాని మీద సన్నటి ధారగా పోస్తాడు, లోపలి మనిషి ఉలిక్కిపడకుండా. పోస్తుండగానే అతని నెత్తిమీద పైనుంచి నాలుగు వెచ్చటి చినుకులు పడతాయి. ప్రాణం లేచొచ్చినట్టుంటుంది.

బండి సీటు మీద కూర్చుని, వంగి, దాని చెవి ఉండాల్సిన చోట చెబుతాడు.

"వలిసగరువుకి."

మీట నొక్కితే బండి ఒక్కసారి దగ్గి ఊరుకుంటుంది.

"అది ఊరి పేరు. ఊరి పేర్లు బస్సులక్కావాల," అంటుంది బంగారమ్మ.

"నా పెళ్ళాన్ని తెచ్చుకోడానికి."

బండి నల్లటి పొగ ఒకటి ఊది, ముందుకన్నా గట్టిగా బిగుసుకుంటుంది. మరిది ముఖం చూసి బంగారమ్మకి జాలేస్తుంది. చెట్ల చివర్లకి ఎండ తగిలింది. లోయ ఆ అంచున మంచు నీరు వదలడం మొదలుపెట్టింది.

తెచ్చుకుని ఏం చేస్తాడు? పొయ్యికాడికి, గెడ్డకాడికి, సంతకి. మత్స్యలింగం హ్యాండిలు మీద తల ఆనిస్తాడు. లేచే పొగ రోజూ చూశాడు గానీ, ఆ రోజు ఆమె అన్న మాటను ఒక్కసారీ విప్పి చూడలేదు.

"నాను అడిగీసినాను," అంటాడు మెల్లగా, బండితోనో ఇంకెవరితోనో. "అడిగి, ఇనకుండా మట్టి గీక్కున్నాను. తప్పు నాదే. తేడానికి కాదు. అదేటి సెప్తాదో ఇనడానికెల్తన్నాను."

అతని చెయ్యి మీట మీద లేదు. ఇంజను పట్టుకుంటుంది. ముందు తడబడుతూ, తర్వాత సాఫీగా, వలిస చేలో తుమ్మెదలు ఝుమ్మన్నట్టు. మత్స్యలింగం గేరు వేస్తాడు. బంగారమ్మ "ఎల్లిరా" అని మాత్రం అని, పొంగే పాల వైపు తిరుగుతుంది.

మంచు నిలుస్తుంది. నాలుగు చక్రాలూ మీగడ మీద జాడలు తీస్తూ పోతుంటాయి. కిందినుంచి ఎవరింట్లోదో పోపు వాసన వస్తుంది. సగం దూరం వెళ్ళేసరికి ఎండ వీపుకి తగులుతుంది, వెనక చక్రాల దగ్గర మంచు పగిలి పలుకులు పలుకులవుతుంది. మత్స్యలింగం వేగం పెంచుతాడు. ఎదురుకొండ గబగబా దగ్గరవుతుంది. మరీ గబగబా అవుతోందని వేగం తగ్గిస్తాడు. కొండ తగ్గదు. బండి ఆపుతాడు. కొండ వస్తూనే ఉంది.

వెళ్ళబోయిన తీర్థం ఎదురైనట్టు అని ఊరికే అనలేదు పెద్దలు. కొండ ముక్కు మీద దేవుడమ్మ నడుస్తోంది. ఆమె అడుగెక్కడ వేస్తే కొండ అక్కడికి జరిగి కాలి కింద నిలుస్తోంది. వెనక పసుపచ్చటి చేలు, ఇళ్ళు, పొగలు, కోళ్ళు, అన్నీ నెమ్మదిగా ఊగుతూ వస్తున్నాయి. వాకిట్లో కూర్చున్న అత్తగారు రాజ్‌మా చెరుగుతోంది, చేటలోంచి ఒక్క గింజ జారడం లేదు.

మత్స్యలింగం నోట్లోకి ఆ పాత ప్రశ్న వచ్చేస్తుంది. గుటుక్కున మింగుతాడు.

"ఆ రోజు నువ్వు సెప్తంటే ఇననేదు," అంటాడు. "ఇప్పుడింటాను."

దేవుడమ్మ అతని ముఖం చూస్తుంది, తర్వాత ఒంటి చెప్పుతో ఉన్న కాళ్ళు చూస్తుంది.

"ఆ రోజు నాకూ తెలీదు. అమ్మ గుమ్మంలో కూకుని ఆలోసించినాను. సముద్రంకాడికి. పుట్టి బుద్దెరిగి సూడనేదు. బయలెల్తంటే కొండ కూడా సూడనేదన్నాది, రమ్మన్నాను."

"మంచుకి తోడెవులేసినారు?"

"నానే. రోజూ మాపటేల ఓ మజ్జిగ సుక్క." ఆమె కొంగు సర్దుకుంటుంది. "ఒక్కదాన్నీ ఎల్లగల్ను. నువ్వుంటే బాగుణ్ణనిపించినాది."

మత్స్యలింగం కళ్ళు నిండిపోతాయి. ఇంత చలిలోనూ ఆ నీళ్ళు వేడిగానే ఉన్నాయి.

బండి కింద మంచు ఫెళ్ళున విరుగుతుంది. కొండ ఒక్క జానెడు ముందుకి జరిగి నాలుగు చక్రాలనీ తన ముక్కు మీదికి ఎక్కించుకుంటుంది. కొండకి మంచుతో పని లేదు, దాని కాళ్ళు నేల దాకా ఉంటాయి. దేవుడమ్మ హ్యాండిలు పట్టుకుని ముందు కూర్చుంటుంది. అతను వెనక్కి జరుగుతాడు. ఆ సీటు మీద అతను వెనక కూర్చోవడం ఇదే మొదలు, అక్కణ్ణించి లోకం ఇంకాస్త వెడల్పుగా కనిపిస్తుంది.

"తాడెందుకు?" అంటుంది, అతని భుజం మీది చుట్ట చూసి.

అప్పుడతనికి తెలుస్తుంది ఎందుకో. కొస చేత పట్టుకుని, చుట్టని లోయ మీదుగా గంపకొండ వైపు విసురుతాడు. అది విప్పుకుంటూ, విప్పుకుంటూ వెళ్ళి బడ్డీ ముందు పడుతుంది. బంగారమ్మ వదిన దాన్ని అందుకుని బడ్డీ రాటకి రెండు ముళ్ళు వేస్తుంది. దేవుడమ్మ బండి ముందుకి పోనిస్తుంది, దాని కింద ఎదురుకొండ తూర్పుకి, సముద్రం వైపు తిరుగుతుంది. తాడు బిగుస్తుంది. గంపకొండ కాసేపు మొరాయించి, ఒళ్ళు దులుపుకుని, ఇళ్ళతో, కాఫీ తోటలతో, ఘాటురోడ్డు చివర్న వేలాడే బస్సుతో సహా వాళ్ళ వెనకాలే నడక మొదలుపెడుతుంది. బంగారమ్మ ఒక చేత్తో పాలగిన్నె, ఇంకో చేత్తో గ్లాసులు పడిపోకుండా పట్టుకుని నిలబడుతుంది. ఎక్కడికని మాత్రం అడగదు.