నోరు కిందికి ఉన్న మడత

“మా ఆవిడ ఖాళీగా ఉన్నప్పుడు నాలుగు కుట్లు వేసిపెడుతుందండీ,” అని మా ఆయన అడవి సర్వే ఆఫీసరుగారితో అంటున్నప్పుడు నేను కత్తెర పట్టుకుని నేలమీద మోకాళ్ళ మీద ఉన్నాను. నా ముందు పరిచి ఉన్నది ఆయన చేత్తో తడిమి చూపిస్తున్న సూటు తాలూకు కాలి ముక్కే. దాన్ని సుద్దతో గీసింది నేను, కత్తిరించింది నేను, పొద్దుటి నుంచి నాలుగోసారి విప్పి మళ్ళీ కుట్టబోయేదీ నేనే. ఆ ఖాళీ నాకెప్పుడు దొరికిందో ఆయన్నే అడగాలి.

మా ఇంటి ముందుగదే మా కొట్టు. మూడు మెషిన్లు, ఒక కత్తిరింపు బల్ల, గోడకి ఒక అద్దం. ఫ్యాక్టరీ యూనిఫాంలు కుట్టి బతికేవాళ్ళం. ఆ ఫ్యాక్టరీ మూతపడింది. సరిగ్గా అప్పుడే ఈ పని వచ్చింది. అడవి సర్వే ఆఫీసులో పద్నాలుగుమంది ఆడవాళ్ళున్నారు. నడుము లోతు గడ్డిలో పొద్దస్తమానం తిరిగి చెట్ల చుట్టుకొలతలు తీస్తారు. ఆ గడ్డి నిండా పిడుదులు. పశువులకీ కుక్కలకీ పట్టే పిడుదులే, కాకపోతే వీటిలో పిల్లవి ఆవగింజలో సగం కూడా ఉండవు. ఎక్కినట్టు తెలియదు, కుట్టినట్టు తెలియదు. జ్వరం వచ్చాకే తెలుస్తుంది. అవి లోపలికి దూరకుండా సూటు కుట్టి, పరీక్షలో నెగ్గితే అన్ని క్యాంపులకీ మూడేళ్ళపాటు మేమే కుట్టాలి. నెగ్గకపోతే రెండు మెషిన్లు అమ్ముకోవాలి.

ఆడవాళ్ళ కొలతలు తీయడానికి మాత్రం మా ఆయనకి నేను కావాలి. అలా మొదటిరోజు కొలతలకి వచ్చింది అక్క. పద్నాలుగుమందిలో పెద్దావిడ, అందరూ అక్కా అనే పిలుస్తారు. నడుము చుట్టూ టేపు తిప్పుతూ చూస్తే ఆవిడ పెదాలు పగిలి రక్తం చెమ్మ కనిపించింది. ఎండకా అని అడిగాను. ఆవిడ గుమ్మం వైపు చూసి, మా ఆయన దూరంగా ఉన్నాడని ఖాయం చేసుకుని గొంతు తగ్గించింది.

“ఎండకి కాదమ్మా. పొద్దున గడ్డిలోకి దిగితే సాయంత్రందాకా చుక్క నీళ్ళు తాగం. తాగితే వెళ్ళాలి కదా. మగవాళ్ళకి ముందు జిప్పు ఉంది. మేం ఆ సూటు మెడ దగ్గర్నించి మొత్తం విప్పాలి, పిడుదుల మధ్య కూర్చుని. సూటు ఇచ్చిన మహానుభావుడు ఆడవాళ్ళకి ఆ అవసరం ఉండదనుకున్నాడో ఏమో.”

నేను నవ్వాను. ఆవిడ కూడా నవ్వి, పోయిన వానాకాలం తనకి నలభై రోజులు జ్వరం వచ్చిందని, ఇప్పటికీ గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణుకుతుందని, వేరే ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది. ఆ రోజు ఆవిడ నాతో ఆ నీళ్ళ మాట చెప్పకపోయి ఉంటే నేను ఇంకో చక్కటి, పనికిరాని సూటు కుట్టి ఉండేదాన్ని. పిడుదు ఎప్పుడూ పైకే ఎక్కుతుందని, కిందికి దిగదని కూడా ఆవిడే చెప్పింది. ఆ ఒక్క ముక్క పట్టుకుని నేను రెండు వారాలు బతికాను. అన్నం వండుతూ అదే, గిన్నెలు తోముతూ అదే. ఇంటిమీద పెంకులు వాన కోసం పేరుస్తారు, పైది కిందిదాని మీదికి వచ్చేలా. వాన పైనుంచి దిగుతుంది కాబట్టి. కిందినుంచి ఎక్కేదానికి తిరగేసి పేర్చాలి. ప్యాంటు మీదికి మేజోడు రావాలి, చొక్కా మీదికి ప్యాంటు రావాలి, ప్రతి అతుకులోనూ కింది ముక్క పైనుండాలి. ముందు నుంచి వెనక్కి, కాళ్ళ మధ్యగా ఒక పొడవాటి జిప్పు, దాని మీద రెండు వరసల పట్టీ. ఇక మెడ దాకా ఎక్కేసినవి మిగులుతాయి. వాటి కోసం ఛాతీ చుట్టూ ఒక మడత పెట్టాను. నోరు కిందికి, పైన కుట్టేసి ఉంటుంది. ఎక్కుతూ వచ్చింది అందులో దూరి ఆగిపోవాలి.

మా ఆయన చూసి, తిరగేసి తొడుక్కున్నట్టుంది, జనం నవ్వుతారన్నాడు. మా అత్తయ్య చూసి, పిడుదుల దారులన్నీ తెలుసుకున్నావు గానీ మూడింటికి టీ ఇవ్వాలన్న దారి మర్చిపోయావేమే అంది. ఇద్దరి మాటలూ విన్నాను, టీ ఇచ్చాను, మడత మాత్రం విప్పలేదు.

పరీక్షకి ముందురోజు మధ్యాహ్నం, పరీక్ష కోసం కుట్టిన మూడు సూట్లకీ పిడుదుల్ని చంపే మందు కొట్టాను. ఆఫీసు పంపిన మందు అది. ముక్కు పగిలే వాసన. నీడలో ఆరాలి, నీళ్ళు తగలకూడదు. పెరటి వరండాలో తాడు మీద వేసి, ఎవరూ ముట్టుకోకుండా చూడమని మా ఆయనకి ఒకటికి రెండుసార్లు చెప్పి, చేతిలో ఉండడానికి రెండు విడి జిప్పుల కోసం ఊరి అవతలి కొట్టుకి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి చీకటి పడింది, తాడు ఖాళీ. ఆరిపోయాయి, సంచిలో నేనే సర్దేశాను అన్నాడు మా ఆయన. పదిహేనేళ్ళ కాపురంలో ఆయన సంచి సర్దడం అదే మొదటిసారి. నేను పొంగిపోయాను. అనుమానపడాల్సింది.

మర్నాడు పొద్దున్న గడ్డి అంచున ఒక డేరా వేశారు. ఆడవాళ్ళకి సూట్లు తొడగడానికి నేనూ వెళ్ళాను. ఆఫీసు ల్యాబ్ అతను పొడవాటి తెల్లగుడ్డని గడ్డి మీదుగా పది అడుగులు ఈడ్చి, వెలుతురులో పట్టుకుని, అంటుకున్న పిడుదుల్ని పట్టకారుతో లెక్కపెట్టాడు. పది అడుగులకే పంతొమ్మిది. సూట్లు తొడుక్కున్నవాళ్ళు ఆ గడ్డిలో అరగంట నడిచి రావాలి.

డేరాలో సంచి విప్పి మొదటి సూటు అక్కకి అందించబోయాను. మందు వాసన రాలేదు. సబ్బు వాసన వచ్చింది. మూడూ అంతే. బయటికి వచ్చి మా ఆయన్ని జీపు వెనక్కి లాక్కెళ్ళాను.

“అమ్మ ఉతికేసింది,” అన్నాడు, ముఖం తిప్పుకుని. “వాసన కొడుతోందని సోడా వేసి మరగబెట్టిందట. నేను ఫోన్లో ఉన్నాను. ఇప్పుడు నోరు మెదపకు.”

“చెప్పేద్దామండీ.”

“చెబితే పరీక్ష రద్దు. రేపు ఇంకొకడి సూటు వస్తుంది, వచ్చే నెల నీ మెషిన్లు పోతాయి. అరగంట నడకే కదా. ఏమీ కాదులే.”

ఏమీ కాదులే అన్న ఆ మాట నాకు కొత్త కాదు. నాకు మెడ నొప్పి వచ్చినా, వేలికి సూది దిగినా, జ్వరంతో మెషిన్ మీద తల వాల్చినా ఆయన ఆ మాటే అనేవాడు. నేనూ నమ్మేదాన్ని, ఎందుకంటే నమ్మితే పని నడిచేది. కానీ నా మీద అనే మాటని ఆయన ఇవాళ అక్క మీద అంటున్నాడు. నలభై రోజుల జ్వరం మీద అంటున్నాడు. నా ఒంటి సంగతైతే ఊరుకునేదాన్నేమో. ఆవిడ ఒంటి సంగతికి ఊరుకోలేకపోయాను. డేరాలోకి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. మందు లేదు, ఒట్టి గుడ్డ, నడవొద్దు అన్నాను.

ఆవిడ తిట్టలేదు. సూటు చేతిలోకి తీసుకుని, అతుకులన్నీ ఒక్కొక్కటిగా వేలితో తడిమింది.

“మందు సరే. నీ కుట్టు మీద నీకు నమ్మకముందా?”

నన్నెవరూ అలా అడగలేదు అప్పటిదాకా. ఎప్పటికవుతుంది, ఎంతకవుతుంది అని అడిగారు. ఉంది అన్నాను.

“అయితే?”

“అయితే నేనే తొడుక్కుంటాను.”

అక్క సూటు నా భుజాలకి ఆనించి చూసింది. కొలతల్లో మేమిద్దరం ఒకటే. తనే దగ్గరుండి మేజోడు మోకాలి కిందిదాకా లాగి బిగించింది, చేతి తొడుగులు సరిచేసింది, జుట్టు టోపీలోకి నెట్టింది. ఆఖరికి నీళ్ళ సీసా అందించి మొత్తం తాగమంది. పరీక్ష అంటే అన్నీ పరీక్షించాలి మరి, అంది. ముందు నడిచి రా, తర్వాత ఆఫీసరుకి చెబుదువుగాని అని కూడా అంది. ముందు కుట్టినావిడ ఒక్కతే నడుస్తుందని ఆఫీసరుగారికి అక్కే చెప్పింది. ఆయన ముచ్చటపడ్డాడు. మా ఆయన ముఖంలో రంగు లేదు.

గడ్డిలోకి దిగాను. మొదటి పది అడుగులకే ఒళ్ళంతా దురద. చెమటో, భయమో, పిడుదో తెలియదు. చేయి పెట్టి గోకకూడదు. లేత రంగు గుడ్డ కాబట్టి కనిపిస్తూనే ఉన్నాయి. మేజోడు మీద ఒకటి, తొడ మీద రెండు, నిదానంగా పైకి పాకుతున్నాయి. నడుము దగ్గరి అతుకు చేరాయి. అక్కడ ఆగి తడుముకున్నాయి. నేనూ ఆగిపోయాను. లోపలికి దారి వెతికితే నా లెక్క తప్పు. అతుకు మీదుగా పాకి పైకి వెళ్ళిపోయాయి. సగం దారిలో అక్క తాగించిన నీళ్ళు పని చేశాయి. గడ్డిలో కూర్చున్నాను, జిప్పు లాగాను, లేచాను, మళ్ళీ మూసి రెండు పట్టీలూ నొక్కాను. అంతా కలిపి ఒక నిమిషం. ఎవరూ చూడని ఆ చోట, ఆ ఒక్క నిమిషానికి, నాకు నవ్వాగలేదు. పదిహేనేళ్ళుగా కుడుతున్నాను. నేను కుట్టింది నేను తొడుక్కుని నడవడం అదే మొదటిసారి.

తిరిగొచ్చి తెల్ల దుప్పటి మీద నిలబడ్డాను. పైన పాకుతున్న వాటిని ల్యాబ్ అతను ఏరేశాడు. డేరాలో అక్క నా సూటు విప్పించి చెవుల వెనక, చంకల్లో, మోకాళ్ళ మడతల్లో, జుట్టు పాయపాయకీ వెతికింది. ఒక్కటి కూడా లేదు. ఆవిడ బయటికి వచ్చి ఆ మాట చెప్పగానే ఆఫీసరుగారు మా ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశాడు. మందు అద్భుతంగా పని చేసిందన్నాడు. మా ఆయన ముఖానికి రంగు తిరిగొచ్చింది. మంచి మందు సార్ అన్నాడు.

అప్పటికే ల్యాబ్ అతను విప్పిన సూటు ముందేసుకుని ఛాతీ చుట్టూ ఉన్న మడతని పట్టకారుతో తిరగేస్తున్నాడు. “సార్, ఇందులో తొమ్మిది ఉన్నాయి,” అన్నాడు. “అన్నీ బతికే ఉన్నాయి. మందు తగిలితే చావాలి కదా?”

అందరూ దగ్గరికి వచ్చి చూశారు. తొమ్మిదీ కాళ్ళాడిస్తున్నాయి. మందు కంపెనీవాడు నీళ్ళు కలిపి ఉంటాడు సార్ అన్నాడు మా ఆయన, తడుముకోకుండా. ఆఫీసరుగారు మందు కంపెనీకి ఫోన్ చేయమని ల్యాబ్ అతనికి చెప్పాడు. ఊరుకుంటే మా పని మాకే దక్కేది. ఎవడో ముక్కూ ముఖం తెలియనివాడి మీద నింద పడేది, అంతే.

“మందు వాళ్ళ తప్పు లేదండీ,” అన్నాను. “సూట్లకి మందే లేదు. మా ఇంట్లో ఉతికేశాం. అందుకే నేను తొడుక్కున్నాను.”

ఎవరు ఉతికారని అడిగాడు ఆఫీసరుగారు. మా ఇంట్లో అండీ అనే మళ్ళీ అన్నాను. ఆయన కోపం చేస్తాడనుకున్నాను. ఆయన సూటు మీదికి వంగి, మడత నోట్లో వేలు పెట్టి చూసి, మా ఆయన వైపు తిరిగాడు.

“దీని నోరు కిందికి ఎందుకు పెట్టారు?”

మా ఆయన మడత వైపు చూశాడు. తర్వాత నావైపు చూశాడు. “అందం కోసం సార్,” అన్నాడు.

అక్క ముందుగా నవ్వింది. ల్యాబ్ అతను దగ్గు వచ్చినట్టు ముఖం తిప్పుకున్నాడు. ఆఫీసరుగారు నవ్వలేదు. నన్ను అడిగాడు. పెంకుల సంగతి చెప్పాను, పిడుదు పైకే ఎక్కుతుందని అక్క చెప్పిన సంగతి చెప్పాను, నీళ్ళు తాగని ఆడవాళ్ళ సంగతి చెప్పాను. చివరిది చెప్పినప్పుడు ఆయన నేల చూపులు చూశాడు. పాత సూట్లు కొనిపించింది ఆయనేనట. తర్వాత ఆయన నా పేరు అడిగి రాసుకున్నాడు. మందు ఉన్న సూటుతో ఇంకో పరీక్ష, క్యాంపులో పద్నాలుగుమందికీ కొలతలు, వారం రోజుల పని, వచ్చేది నేనే అని ఖరారు చేశాడు. ల్యాబ్ అతను ఇంకో సంగతి కూడా అడిగాడు. అది విని నేనే ఆశ్చర్యపోయాను.

మా ఆయనా నేనూ ఇంటిదారి పట్టాం. వీధి మలుపు తిరిగాక, వారం రోజులు నువ్వు పోతే ఇల్లెవరు చూస్తారు అన్నాడు. నేను గేటు తీశాను.

అత్తయ్య పెరట్లో, బట్టలుతికే బండ పక్కన కూర్చుని ఉంది. కొంప ముంచావని కొడుకు రాత్రే అన్నాడట. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. నన్ను చూసి లేవబోయి మళ్ళీ కూలబడింది. పోయిందా అని అడిగింది. వచ్చింది అత్తయ్యా, మీ వల్లే అన్నాను. ఎగతాళి అనుకుంది. పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. మీరు ఉతకకపోతే మెప్పంతా మందుకి పోయేది, ఆ మడత వైపు ఎవరూ చూసేవాళ్ళు కాదు, నన్నెవరూ ఏమీ అడిగేవాళ్ళు కాదు అన్నాను. అది ఆవిడ మంచితనం కాదు, నా గొప్పా కాదు. వాసన కొట్టే గుడ్డని చూసి ఊరుకోలేని చేతులు ఆవిడవి, అంతే. అయినా ఆ చేతులకి నేను మనసారా దండం పెట్టుకున్నాను.

“ఎన్ని ఉతుకులకి మందు పోతుందో వాళ్ళకి తెలియాలట,” అన్నాను. “గట్టిగా ఉతికే మనిషి కావాలట. ఇక్కడే, మన పెరట్లోనే. నెలకి జీతం ఇస్తారు. మీ పేరు చెప్పాను.”

“ఉతకడానికా?” అంది. “జీతమా?”

అవునన్నాను. తన రెండు అరచేతులూ తిప్పి చూసుకుంది. సోడాకి తోలు ఊడిన చేతులు. ఎన్నేళ్ళయి ఉంటుంది అని తనలో తను ఏదో లెక్క మొదలుపెట్టి, మధ్యలో వదిలేసింది. చెంగుతో ముఖం తుడుచుకుని, ఆ సూట్లు ఎప్పుడు తెస్తారు, ఒక్కోటి విడిగా నానబెట్టాలా, కలిపి నానబెట్టొచ్చా అని అడగడం మొదలుపెట్టింది. నాకు తెలిసినంత చెప్పాను. రేపు క్యాంపుకి నేను వెళ్ళాక అడగాల్సినవి ఏమిటో ఆవిడే వేళ్ళ మీద చెప్పింది.

మా ఆయన పెరటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఒంటిగంట దాటింది, వంట సంగతేమిటి అన్నాడు.

అత్తయ్య తల తిప్పకుండానే అంది: “ఒరేయ్, పొయ్యి మీద ఎసరు పెట్టు. మాకు పనుంది.”